ఫస్ట్ పర్సన్ అంటే ప్రథమ పురుష కాదండీ: కథల పదాల మీద అపోహలు, వాస్తవాలు

కథలు ఎడిట్ చేయడం నా పని, కాబట్టి కథలతో పాటు రచయితలు జత చేసే లెటర్లు కూడా చదువుతుంటాను. సాహిత్య పదాలన్నీ కథలో కన్నా ఆ లెటర్లలోనే ఎక్కువ దొర్లుతుంటాయి, చాలాసార్లు వేరే అర్థంలో. మళ్లీ మళ్లీ కనిపించేవి కొన్ని రాస్తున్నాను.

అపోహ: ఫస్ట్ పర్సన్‌ని తెలుగులో ప్రథమ పురుష అంటారు.

పూర్తిగా ఉల్టా. మన వ్యాకరణంలో వాడు, ఆమె, వాళ్లు ప్రథమ పురుష, నువ్వు, మీరు మధ్యమ పురుష, నేను, మేము ఉత్తమ పురుష. ఇంగ్లీషు వాళ్లు 'నేను' నుంచి లెక్కపెడితే మనవాళ్లు 'వాడు' నుంచి మొదలుపెట్టారు, అంతే తేడా. ఒకసారి 'నువ్వు, నువ్వు' అంటూ సాగే కథ వస్తే ప్రథమ పురుషలోకి మార్చి చూడండి అని మెయిల్ పెట్టాను, ఆయన పాపం మొత్తం కూర్చుని 'నేను'లోకి మార్చి పంపారు. 'ఆమె' అని రాయండి అంటే సరిపోయేది, తప్పు నాదే.

అపోహ: 'ఆమె' అని రాస్తే ఎవరి మనసులోకైనా దూరొచ్చు.

దూరొచ్చు, కథ మొదటి నుంచీ సర్వసాక్షి కథనం, అంటే అందరి మనసులూ తెలిసినవాడు చెప్పే కథ అయితే. అలా కాకుండా మూడు పేజీలు ఒక్కరి కళ్లతోనే నడిపించి, సడెన్‌గా పక్కవాళ్ల బుర్రలోకి దూకితేనే గొడవ. ఇది చూడండి:

"సుజాత తలుపు తీసింది. ఎదురుగా అన్నయ్య. ఇన్నేళ్లకి గుర్తొచ్చానా అనుకుంది. చెల్లెలు ఎంత చిక్కిపోయిందో అని అతని మనసు కలుక్కుమంది."

చివరి వాక్యం సుజాతకి తెలిసే వీల్లేదు కదా. దాన్ని ఇలా మార్చాం: "అన్నయ్య ఆమె మోచేతి దాకా జారిన గాజు వైపు చూసి చూపు తిప్పుకున్నాడు." చిక్కిపోయిన సంగతీ వచ్చింది, అతని బాధా వచ్చింది, కథ సుజాత దగ్గరే ఉంది. దృష్టికోణం అంటే పెద్ద సిద్ధాంతం ఏమీ కాదు, ఈ క్షణంలో ఎవరు చూస్తున్నారు, వాళ్లకి ఏం కనిపిస్తుంది అని ప్రతి పేరాకీ అడుక్కోవడమే.

అపోహ: 'నేను' అని ఉంటే అది రచయిత సొంత కథ, పైగా నిజం.

ఆ 'నేను' కూడా ఒక పాత్రే. వాడు చెప్పేది నమ్మాల్సిన పని లేదు కూడా, అలాంటివాడికి నమ్మదగని కథకుడు అని పేరు, వేన్ బూత్ అనే విమర్శకుడు 1961లో వాడాక ఆ మాట స్థిరపడింది. ఇక్కడ ఇంకో అపోహ, వాడు అబద్ధాలకోరు అయ్యుండాలని. అక్కర్లేదు. "నాకు వాడి మీద ఏ కోపమూ లేదు" అని ఒక్క పేజీలో నాలుగుసార్లు అన్నవాడు అబద్ధం చెప్తున్నాననే అనుకోడు, మనకి మాత్రం తెలిసిపోతుంది.

అపోహ: వ్యంగ్యం అంటే వెటకారం.

ఇప్పుడు వాడుకలో అదే అర్థం, కాదనను. కానీ అలంకారశాస్త్రంలో వ్యంగ్యం అంటే మాటల్లో లేకుండా స్ఫురించే అర్థం, అందులో ఎగతాళి ఉండాలనేం లేదు. 9వ శతాబ్దంలో సంస్కృత ఆలంకారికుడు ఆనందవర్ధనుడి ధ్వని సిద్ధాంతం నిలబడింది దీని మీదే. అక్కడ అందరూ చెప్పే ఉదాహరణ "గంగలో పల్లె". నీళ్లలో ఊరుండదు కాబట్టి గంగ ఒడ్డున అని అర్థం చేసుకుంటాం, అది లక్షణ. మరి ఒడ్డున అనే అనొచ్చుగా? గంగలో అన్నప్పుడు ఆ చల్లదనం, పవిత్రత కూడా ఊరికి అంటుకుంటాయి, అదీ వ్యంగ్యార్థం. పైన జారిన గాజు చేసిన పని కూడా ఇదే. ఐరనీ మళ్లీ వేరే. పాత్రకి తెలియనిది పాఠకుడికి ముందే తెలిసి, పాత్ర నవ్వుతుంటే మనకి గుండె బరువెక్కుతుంది చూడండి, అది నాటకీయ ఐరనీ, అక్కడ ఎవరూ ఎవర్నీ వెక్కిరించడం లేదు.

అపోహ: కామాలు, ఫుల్‌స్టాపులు తీసేస్తే చైతన్య స్రవంతి.

కాదు. పాత్ర మనసులో ఆలోచనలు ఎలా పారితే అలాగే రాసుకుంటూ పోవడం అది. ఈ మాట అసలు సాహిత్యంది కూడా కాదు, 1890లో విలియం జేమ్స్ మనస్తత్వశాస్త్రం పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. ఒక ఆలోచన ఇంకోదాన్ని ఎలా లాక్కొస్తుందన్నది ముఖ్యం, ఆ లంకె లేకపోతే ప్రూఫ్ చూడని పేజీలా ఉంటుంది.

అపోహ: క్లైమాక్స్ అంటే ముగింపు.

సినిమాల వల్ల వచ్చిన అలవాటు. క్లాసుల్లో కథ ఎక్కి దిగే పిరమిడ్ బొమ్మ గీస్తారు కదా, 1863లో జర్మన్ రచయిత గుస్తావ్ ఫ్రైటాగ్ ఐదంకాల నాటకాల కోసం చెప్పింది అది, అందులో శిఖరం, అంటే క్లైమాక్స్, మధ్యలో ఉంటుంది. నాలుగు పేజీల కథని దాంతో కొలవడం నాకైతే నచ్చదు.

అపోహ: మంచి కథలో ప్రతీక పెట్టాలి.

ఆగిపోయిన గోడ గడియారం నాకు ఎన్నిసార్లు వచ్చిందో చెప్పలేను. ఎందుకు ఆగింది అంటే "కాలం ఆగిపోయిందని అండీ" అంటారు, బ్యాటరీ అయిపోయిందని ఒక్కరూ అనరు! వస్తువు ముందు వస్తువుగా పనికిరావాలి. ఒక కథలో నాన్న గొడుగు మూడుసార్లు వస్తుంది. మొదట వానలో ఆయన కూతురికి ఇస్తాడు, రెండోసారి ఒక ఊచ విరిగి మూల పడి ఉంటుంది, మూడోసారి ఆయన పోయాక, ఆ అమ్మాయి దాన్ని చంకలో పెట్టుకుని వానలో తడుస్తూ నడుస్తుంది. ప్రతీక బాగా కుదిరిందండీ అని ఫోన్‌లో అంటే, రాసినావిడ కాసేపు ఆగి "ఏది, గొడుగా? తెరిస్తే ఇంకో ఊచ కూడా విరుగుతుందని తెరవలేదండీ" అంది.