బ్యాటరీకి పట్టే సున్నం

దేవరకొండ నుంచి ఒక పాఠకుడు అడిగారు: "మా నాయిన నోకియా 1100 ఆదివారం చార్జింగ్ పెడితే మళ్లీ శుక్రవారం దాకా దాని జోలికి పోయేటోడు కాదు. నా ఫోన్‌ది పెద్ద బ్యాటరీ అంటరు, పొద్దున ఫుల్ చేస్తే సాయంత్రానికి ఎర్రగీత. రెండేండ్లకు ఉబ్బింది కూడా. పాత బ్యాటరీలు గట్టివా, ఇప్పటివి నాసిరకమా?"

ఇప్పటిదే గట్టి బ్యాటరీ. కాకపోతే దానితో చేయించుకుంటున్న చాకిరీ వేరు, అది బతుకుతున్న వేడి వేరు.

ముందు లెక్క తేల్చుకుందాం. నోకియా 1100 వచ్చింది 2003లో. అందులో ఉండే బీఎల్-5సీ బ్యాటరీ 850 మిల్లీ ఆంపియర్ అవర్లు, 3.7 వోల్టులు. గుణిస్తే అందులో పట్టే శక్తి సుమారు 3.1 వాట్ అవర్లు. ఇప్పుడు మామూలు ఫోన్లలో వచ్చే 5000 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 19 వాట్ అవర్ల పైనే ఉంటుంది, అంటే ఆరింతలు. మరి పాత ఫోన్‌కు కంపెనీ చెప్పుకున్న స్టాండ్‌బై, అంటే మాట్లాడకుండా ఊరికే ఉంచితే వచ్చే సమయం, 400 గంటలు. 3.1ని 400తో భాగిస్తే దాదాపు 8 మిల్లీవాట్లు. మీ స్విచ్ బోర్డు మీద వెలిగే చిన్న ఎర్ర ఇండికేటర్ కూడా అంతకంటే ఎక్కువే తాగుతుంది.

ఎనిమిది మిల్లీవాట్లతో ఫోన్ ఎలా బతికింది? నిద్రపోయి. 2జీ టవర్ ఎవరికి కాల్ వచ్చిందో వంతులవారీగా చెబుతూ పోతుంది. నెట్‌వర్క్ సెట్టింగును బట్టి ఒక్కో ఫోన్ వంతు 0.47 నుంచి 2.12 సెకన్లకు ఒకసారి వస్తుంది. ఫోన్ తన వంతుకు లేచి, క్షణంలో చిన్న ముక్క సేపు విని, తన పేరు లేకపోతే మళ్లీ పడుకుంటుంది. మాట్లాడేటప్పుడు మాత్రం 900 మెగాహెర్ట్జ్ దగ్గర గరిష్ఠంగా 2 వాట్ల దాకా కొడుతుంది. అదీ ఏకధాటిగా కాదు. 4.615 మిల్లీసెకన్ల ఫ్రేమ్‌ను ఎనిమిది ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క, 0.577 మిల్లీసెకన్లు, మన ఫోన్‌ది. అంటే సెకనుకు 217 సార్లు ఆగి ఆగి కొట్టడం. ఆ 217ను మీరు చెవులారా విన్నారు కూడా. టీవీ పక్కన ఫోన్ పెడితే రింగ్ రాకముందే స్పీకర్ "టక్టక్ టక్టక్ డ్ర్‌ర్‌ర్" అని గొణిగేది గుర్తుందా, అదే ఇది. రేడియేషన్ వల్ల టీవీ ఖరాబవుతుందని ఫోన్‌ను పక్క గదిలో పెట్టేవాళ్లు ఉండేవారు. టీవీకి ఏమీ కాదు, దాని వైర్లు ఏంటెన్నాలాగా ఆ దెబ్బలను పట్టుకునేవి, అంతే.

టవర్ దగ్గర్లో ఉంటే పవర్ తగ్గించుకోమని టవరే ఫోన్‌కు చెబుతుంది. దూరమైతే ఫుల్ పవర్. మన్ననూరు దాటి శ్రీశైలం రోడ్డున నల్లమలలోకి పోతే జేబులో ఫోన్ వెచ్చబడి చార్జింగ్ గబగబా దిగిపోవడం అందుకే. సిగ్నల్ వెతుక్కునే ఫోన్‌కు నిద్ర ఉండదు. పాతదైనా కొత్తదైనా ఇంతే. అడవి వచ్చిందంటే ఏరోప్లేన్ మోడ్ వేసేయండి.

తెర సంగతి ఇంకా సులువు. 1100 తెర 96 అడ్డం, 65 నిలువు చుక్కల నలుపు తెలుపు తెర. మీద పడ్డ వెలుతురునే తిప్పికొడుతుంది కాబట్టి బత్తాయి తోటలో మిట్టమధ్యాహ్నం నిలబడితే ఇంట్లో కంటే బాగా కనిపించేది, కరెంటు ఖర్చేమీ లేకుండా. ఇప్పటి తెర అదే ఎండతో పోటీపడి వెలగాలి. బ్రైట్‌నెస్ పైకి పోయినప్పుడు తెర ఒక్కటే వాట్ దాటుతుంది. వెనక డేటా, లొకేషన్, పది యాప్‌లు. 19 వాట్ అవర్లు సాయంత్రానికి అయిపోవడంలో వింతేముంది?

ఇక ఉబ్బడం, చార్జింగ్ నిలవకపోవడం. నాకు అసలు ఇష్టమైన భాగం ఇదే. దీన్ని నల్లగొండ వాళ్లకు చెప్పినంత సులువుగా ఇంకెవరికీ చెప్పలేను, ఎందుకంటే బోరు నీళ్లలో ముంచిన హీటర్ రాడ్ ఏమవుతుందో మీరు రోజూ చూస్తున్నారు.

కొత్త రాడ్ తళతళలాడుతూ ఉంటుంది. కొన్ని వారాలకు చుట్టల మీద బూడిదరంగు పొర, ఇంకొన్నాళ్లకు తెల్లటి గరుకు పెంకు. నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ వేడికి విడిపోయి, కాల్షియం కార్బొనేట్‌గా వేడిగా ఉన్న లోహం మీదే పేరుకుంటుంది. లిథియం బ్యాటరీలోనూ ఒకవైపు గ్రాఫైట్ ఉంటుంది, దాన్ని తడుపుతూ ఎథిలీన్ కార్బొనేట్ లాంటి ద్రవం ఉంటుంది. చార్జింగ్ పెట్టగానే ఆ ద్రవం గ్రాఫైట్‌ను తాకిన చోట తట్టుకోలేక విరిగిపోతుంది. ఆ ముక్కలు లిథియంతో కలిసి గ్రాఫైట్ మీద పొరలా పడతాయి. 1979లో ఇమాన్యుయేల్ పెలెడ్ అనే శాస్త్రవేత్త దీనికి పెట్టిన పేరు సాలిడ్ ఎలక్ట్రోలైట్ ఇంటర్‌ఫేజ్, పొట్టిగా ఎస్ఈఐ. మందం కొన్ని పదుల నానోమీటర్లు. అందులో లిథియం కార్బొనేట్ ఉంటుంది, లిథియం ఫ్లోరైడ్ ఉంటుంది. చూశారా, రాడ్ మీదా కార్బొనేటే, బ్యాటరీలోనూ కార్బొనేటే. పైగా ఫ్లోరైడ్! మర్రిగూడ, మునుగోడు వైపు ఎముకలు వంచిన ఫ్లోరైడ్, నీళ్లలోంచి దాన్ని తీసే పద్ధతికి ప్రపంచమంతా 'నల్గొండ టెక్నిక్' అని పిలిచేలా చేసిన ఫ్లోరైడ్, మన జేబులోని బ్యాటరీలోనూ ఉంది. అది వచ్చేది ద్రవంలో కలిపే లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ నుంచి. దానికి కాస్త తేమ తగిలినా హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది కాబట్టే ఈ సెల్‌లు తయారుచేసే గదుల్లో గాలిని ఎండగొట్టి ఉంచుతారు.

రాడ్‌తో పోలిక ఇంకా సాగుతుంది. రాడ్‌కు పెంకు కట్టాక వేడి నీళ్లలోకి సులువుగా పోదు, లోపల చుట్ట మాడిపోతుంది. బ్యాటరీలో పొర మందమయ్యాక లిథియం అయాన్లు దాటడం కష్టమవుతుంది, లోపలి నిరోధం పెరుగుతుంది. అందుకే పాతబడ్డ ఫోన్ 20 శాతం చూపిస్తూనే కెమెరా తెరవగానే ఆగిపోతుంది. ఒక్కసారిగా కరెంటు లాగితే వోల్టేజి కుప్పకూలుతుంది మరి. రాడ్‌ను వేడి చేస్తూ చల్లారుస్తూ ఉంటే పెంకు పగిలి ఊడుతుంది, కొత్త లోహం బయటపడి మళ్లీ సున్నం పడుతుంది. గ్రాఫైట్ కూడా లిథియం లోపలికి వచ్చినప్పుడు దాదాపు 10 శాతం ఉబ్బి, పోయినప్పుడు కుంచించుకుంటుంది. పొర చిట్లుతుంది. చిట్లిన చోట కొత్త పొర. ప్రతి చార్జింగ్‌కూ ఇదే తంతు.

పోలిక ఎక్కడ తెగుతుందో కూడా చూడాలి, అసలు రుచి అక్కడే. రాడ్ మీద మొదటి పొరైనా చివరి పొరైనా దండగే. బ్యాటరీలో మొదటి పొర లేకపోతే బ్యాటరీయే లేదు. అది లిథియం అయాన్లను పోనిచ్చి ఎలక్ట్రాన్లను ఆపుతుంది కాబట్టే మిగతా ద్రవం బతికిపోతుంది. ఆ మొదటి పొరను ఫ్యాక్టరీలోనే నెమ్మదిగా చార్జ్ చేసి వేయిస్తారు, ఉన్న లిథియంలో ఇంచుమించు పదో వంతు దానికే పోతుంది. రెండో తేడా ఇంకా కీలకం. రాడ్‌కు సున్నం రోజూ కొత్త బకెట్ నీళ్లతో వస్తుంది. బ్యాటరీ మూసిన డబ్బా. పొరకు కావాల్సిన లిథియం బ్యాటరీ పెట్టుబడిలోంచే పోవాలి, తిరిగి రాదు. "బ్యాటరీ హెల్త్ 84 శాతం" అని ఫోన్ చూపించేది ఎక్కువగా ఈ లెక్కే. మూడోది, రాడ్‌ను నీళ్లలోంచి తీసి మేకుకు తగిలిస్తే సున్నం పట్టదు, బ్యాటరీకి ఊరికే ఉన్నా పడుతూనే ఉంటుంది. రాడ్‌ను నిమ్మరసంలో నానబెట్టి తోముకోవచ్చు, దీన్ని తోమే దారి లేదు.

ఇప్పుడు వేడి. రసాయన చర్యలు పది డిగ్రీలకు ఇంచుమించు రెట్టింపు వేగంతో జరుగుతాయనేది మోటు లెక్క. ఫోన్లలో వాడే కోబాల్ట్ రకం లిథియం సెల్‌లకు తరచూ చెప్పే అంకెలు ఇవి: ఫుల్ చార్జితో ఏడాది పాటు 25 డిగ్రీల్లో ఉంచితే సామర్థ్యం 80 శాతం దగ్గరికి, 40 డిగ్రీల్లో ఉంచితే 65 శాతం దగ్గరికి పడుతుంది. అదే 40 డిగ్రీల్లో సగం కంటే తక్కువ చార్జితో ఉంచితే 85 దాకా మిగులుతుంది. మే నెలలో నల్లగొండలో 45 దాటడం కొత్తేమీ కాదు. 1100 తన ఎనిమిది మిల్లీవాట్లతో ఏమీ వేడెక్కదు, గది ఎంతో అదీ అంతే. స్మార్ట్‌ఫోన్ వీడియో చూస్తూ, ఫాస్ట్ చార్జింగ్ ఎక్కించుకుంటూ, మందపాటి కవరులో ఉండి గది వేడి మీద ఇంకో పది డిగ్రీలు వేసుకుంటుంది. పైగా పాత బీఎల్-5సీని 4.2 వోల్టుల దగ్గర ఆపేవారు, ఇప్పుడు ఎక్కువ నింపడానికి 4.4 పైకి తీసుకుపోతున్నారు. దాంతో ఫుల్ అన్నప్పుడు లోపలి ద్రవం మీద పడే భారం ఇదివరకటి కంటే ఎక్కువ. ద్రవం విరిగేటప్పుడు వాయువులు కూడా పుడతాయి, మెత్తటి సంచీలాంటి ఇప్పటి సెల్‌లు వాటితోనే ఉబ్బుతాయి. ఉబ్బినదాన్ని సూదితో పొడిచి గాలి తీద్దామనుకునే మహానుభావులు ఉన్నారు. ఆ పని మాత్రం చేయకండి, మంట లేస్తుంది.

చార్జింగ్ సైకిళ్ల లెక్క చూస్తే నాయిన ఫోన్ గుట్టు విప్పుకుంటుంది. 500 సైకిళ్లు, అంటే 500 సార్లు ఫుల్ చార్జింగ్, తట్టుకునే బ్యాటరీ అనుకుందాం. అయిదు రోజులకోసారి చార్జ్ చేస్తే ఏడాదికి 73 సైకిళ్లు, అంటే 500 పూర్తవడానికి దాదాపు ఏడేళ్లు. రోజూ చేస్తే ఏడాదిన్నర కూడా కాదు. ఇంకో మాట ఎవరూ పట్టించుకోరు. 1100 బ్యాటరీ కూడా అరిగేది. అయిదు రోజులు వచ్చేది మూడు రోజులకు తగ్గితే ఎవరికి తెలుస్తుంది? రోజు వచ్చే ఫోన్ అయిదో వంతు తగ్గితే మాత్రం బస్సు దిగకముందే ఆగిపోతుంది. తెలిసినా అప్పట్లో వెనక మూత తీసి కొత్తది వేసేవాళ్లు, "బ్యాటరీ మార్చిన" అనేవాళ్లే తప్ప "ఫోన్ పోయింది" అనేవాళ్లు కాదు. పాతవి మచ్చలేనివేం కావు. 2007 ఆగస్టులో 4.6 కోట్ల బీఎల్-5సీలు వేడెక్కవచ్చని నోకియా హెచ్చరించి ఉచితంగా మార్చి ఇచ్చింది.

అలవాట్ల దగ్గరికి వస్తే, మన బళ్లలో సెల్ పాఠం అనగానే నిమ్మకాయ, జింకు, రాగి. అందరి జేబులో ఉన్నదాని గురించి పెద్దగా మాట రాదు. ఆ ఖాళీని పాత రోజుల అలవాట్లు నింపేశాయి. తాతలు రేడియో సెల్‌లు తీసి ఎండలో పెట్టేవాళ్లు, ఇంకో రెండు పాటలు పలికేది. అది మూఢనమ్మకం కాదు. జింకు కార్బన్ సెల్‌లో పేరుకున్న పదార్థాలు విశ్రాంతిలో సర్దుకుంటాయి, వెచ్చదనం ఆ కదలికను పెంచుతుంది. లిథియంను ఎండలో పెడితే పొరను పెంచినట్టే. "జీరో అయ్యాకే చార్జింగ్ పెట్టాలి" అన్నది నికెల్ కాడ్మియం అనే పాత రకం బ్యాటరీల రోజుల మాట. "కొత్త ఫోన్‌ను ఎనిమిది గంటలు ఎక్కించాలి" అనేదీ నికెల్ కాలం నాటిదే. షాపుల్లో ఇప్పటికీ చెబుతున్నారు, విని టెన్షన్ పడక్కర్లేదు. మీ ఫోన్‌లో 80 శాతం దగ్గర ఆపే ఆప్షన్ ఉంటే వేసుకోండి. రాత్రి దిండు కింద చార్జింగ్ వద్దు. బైకు హ్యాండిల్ మీద ఎండలో మ్యాపు చూసుకుంటూ పోయేవాళ్లు కనీసం అప్పుడైనా పవర్ బ్యాంక్ తగిలించకండి.

కంపెనీలు కూడా కదులుతున్నాయి, కొంత తమంతట తామే, ఎక్కువ భాగం చట్టం తోసి. 500 సైకిళ్లకు 80 శాతం మిగులుతుందని చెప్పిన ఆపిల్ ఐఫోన్ 15 నుంచి 1000 అంటోంది. ఐరోపాలో 2025 జూన్ నుంచి 800 సైకిళ్లకు 80 శాతం నిలవాలన్న నిబంధన వచ్చింది. 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ చాలా పరికరాల్లో బ్యాటరీని వాడేవాళ్లే మార్చుకునేలా ఉండాలి, అయితే సైకిళ్ల పరీక్షలో గట్టిగా నిలిచిన ఫోన్లకు కొంత మినహాయింపు ఉంది.

మీ నాయిన 1100 బీరువాలో ఉందని చివర్లో రాశారు. ఏళ్ల తరబడి వదిలేసిన సెల్ వోల్టేజి బాగా అడుగంటితే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. అలాంటిదాన్ని బలవంతంగా చార్జ్ చేస్తే లోపలే షార్ట్ కావచ్చు. పాతదాన్ని చెత్తలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చేయండి. కొత్త బీఎల్-5సీ దొరకడం కష్టమేమీ కాదు, చిన్న ఎఫ్ఎం స్పీకర్లలో ఆ సైజు బ్యాటరీలే ఇప్పటికీ వేస్తున్నారు. కొనేటప్పుడు మీద రాసిన అంకె చూసి మోసపోకండి. ఆ సైజులో వెయ్యి మిల్లీ ఆంపియర్ అవర్ల దగ్గర పట్టేది నిజం, రెండు వేలు అని రాసి ఉంటే అబద్ధం.