కేబిన్ కిటికీలోంచి చూస్తే: లాజిక్ లేని పెద్ద సినిమాలపై అపోహలు - వాస్తవాలు

సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా నాకిది ఇరవై మూడో ఏడు. మదనపల్లెలో రీళ్లు చుట్టడంతో మొదలుపెట్టి, బెంగళూరు మెజెస్టిక్ వైపు వచ్చి పడ్డాను. ఒకే సినిమాను రోజుకు నాలుగు ఆటలు చూస్తే దాని తప్పులన్నీ కంఠతా వచ్చేస్తాయి. హీరో గాయం ఏ షాట్‌లో ఎడమ భుజం నుంచి కుడి భుజానికి మారిందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు మాత్రం సినిమా చూసి వచ్చిన ప్రతిసారీ ఏదో కొత్త విషయం కనిపెట్టినట్టు, "మామా, అసలు లాజిక్కే లేదు" అంటాడు. ఈ రాత వాడి కోసమే అనుకోండి.

అపోహ: జనానికి నచ్చిందంటే తప్పులు గమనించలేదన్నమాట.

గమనిస్తారు. నేను కేబిన్ కిటికీలోంచి తెర కన్నా హాలునే ఎక్కువ చూస్తాను. హీరో ఒంటిచేత్తో లారీని ఆపితే ముందు నవ్వుతారు, ఆ నవ్వు ఆగకముందే ఈలలు మొదలవుతాయి. ఈల వేసేదీ నవ్విన నోరే. కాగితాలు ఎగరేసిన హిందూపురం కుర్రాళ్లే ఇంటర్వెల్‌లో టీ తాగుతూ ఫ్లాష్‌బ్యాక్‌ని ఉతికి ఆరేస్తారు. బాహుబలి మొదటి భాగం 2015 జూలైలో వచ్చినప్పుడు, "ఇదేంటి, మధ్యలో ఆపేశారు" అని తిట్టుకుంటూ మెట్లు దిగినవాళ్లు ఎంతమందో. 2017 ఏప్రిల్ 28న రెండో భాగానికి పొద్దున్నే క్యూ కట్టిందీ వాళ్లే.

జనం క్షమించనిది బోరు. లాజిక్ పోయిన చోట ఒక్క ఫోనూ వెలగదు. బోరు కొట్టిన చోట హాలంతా మిణుగురులే. రీళ్ల రోజుల్లో ఫోన్ల బదులు తలుపుల చప్పుడు వినబడేది. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది, అంటే నాలుగున్నర నిమిషాల పాట 400 అడుగుల పైమాట. రెండో సగంలో పాట రాగానే జనం లేచిపోతున్నారని తెలిస్తే, డిస్ట్రిబ్యూటర్ మనిషి వచ్చి తీసేయమనేవాడు. కత్తిరించి టేపుతో అతికించేవాళ్లం. లాజిక్ లేదు, ఆ ఫైటు తీసెయ్ అని మాత్రం నన్నెవరూ అడగలేదు.

అపోహ: తెర మసగ్గా ఉంటే కెమెరామన్ తప్పు, మాట వినబడకపోతే రచయిత తప్పు.

చాలాసార్లు తప్పు మాది. ప్రొజెక్టర్‌లో వెలిగే జెనాన్ ల్యాంప్ పాతబడే కొద్దీ వెలుగు తగ్గుతుంది, కొత్తది ఖరీదు కాబట్టి ఇంకో వారం చూద్దాం అంటారు. మామూలు సినిమాకు తెర మీద 14 ఫుట్‌లాంబర్ట్‌ల (తెర వెలుగును కొలిచే లెక్క) వెలుగు ఉండాలని ప్రమాణం. 3డీలో సగం వెలుగు కూడా కళ్లద్దాలు దాటి రాదు. ఒకసారి 3డీ ఆట అయ్యాక లెన్స్ ముందున్న ఫిల్టర్ తీయడం మరిచిపోయి, తర్వాతి 2డీ ఆట మొత్తం అలాగే నడిపాను. ఫోటోగ్రఫీ బాలేదని ఆ ఆటకు వచ్చిన ఎంతమంది అనుకున్నారో!

సౌండూ అంతే. సినిమాకు మాటలు, పాటలు, చప్పుళ్లు కలిపి మిక్స్ చేసేటప్పుడు వాల్యూమ్ 7 దగ్గర ఉంటుందని లెక్క, హాల్లోనూ అంతే పెట్టాలి. ట్రైలర్ల మోత ఎక్కువైందని ఎవరైనా గొడవ చేస్తే 5కు దించుతారు, మళ్లీ పెంచేవాడు ఉండడు. ఫైట్లు వినబడతాయి, గుసగుసలు మాయం. ట్విస్టు ఆ గుసగుసలోనే ఉంటే కథ అర్థం కాలేదంటారు. అందుకే ఒక సినిమాను తిట్టే ముందు ఇంకో హాల్లో చూసినవాణ్ని అడగమని మా మేనల్లుడికి చెబుతుంటాను.

అపోహ: అన్నిటికన్నా వెనక వరుసే బెస్టు.

సరసాలకైతే సరే. సౌండు కోసమైతే తెర నుంచి మూడింట రెండు వంతుల దూరంలో, మధ్య సీట్లు తీసుకోండి.

అపోహ: సినిమా బాగుంటేనే ఆ రోజు గుర్తుంటుంది.

ఇప్పుడు సినిమా హార్డ్ డిస్క్‌లో వచ్చినా దానికి తాళం వేరే వస్తుంది. ఆ తాళం, అంటే కీ ఫైలు, సినిమాను ఆడించే ఒక్క సర్వర్‌కే, అదీ ఇచ్చిన తేదీల మధ్యే పనిచేస్తుంది. ఒక పెద్ద హీరో సినిమాకు పొద్దున ఆరింటి ఆట, హాలు నిండిపోయింది, మాకొచ్చిన కీ వేరే సర్వర్‌ది. ఫోన్ మీద ఫోన్, టెన్షన్‌తో నా చొక్కా తడిసిపోయింది. కుర్చీలు విరుగుతాయేమో అనుకున్నాను. కింద ఎవరో పాత పాట ఎత్తుకున్నారు. బాల్కనీ పల్లవి అందుకుంది. గేటు దగ్గరి కన్నడ సెక్యూరిటీ ఆయన లోపలికొచ్చి తనకు తెలిసిన రాజ్‌కుమార్ పాట పాడితే వన్స్‌మోర్ అన్నారు. యాభై నిమిషాలు గడిచాక సరైన కీ వచ్చింది.

సినిమా రెండు వారాలకే పోయింది. మొన్న మడివాళ బస్టాపులో ఒకాయన నన్ను గుర్తుపట్టి, "అన్నా, ఆ రోజు తోపులాటలో చెప్పు తెగిపోయింది, ఒంటి చెప్పుతోనే మొత్తం చూశా" అన్నాడు. కథ గుర్తుందా అని అడిగాను. "అన్నదమ్ములది కదన్నా?"

కాదు. తండ్రీకొడుకులది.