పార్లమెంటు గురించి తరచూ వినే అపోహలు, అసలు సంగతులు

ఎంపీల కోసం ప్రశ్నలు రాయడం, బిల్లుల మీద నోట్స్ తయారుచేయడం నా ఉద్యోగం. సమావేశాలు మొదలయ్యాయంటే చాలు, తెలిసినవాళ్లు అడిగే ప్రశ్నలు, చేసే విమర్శలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. కాకపోతే అది తరచూ తప్పు చోట పడుతోంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: సభ ఖాళీగా కనిపిస్తే ఎంపీలు పని ఎగ్గొట్టినట్టే.

సభ నడవడానికి పదో వంతు సభ్యులుంటే చాలు. లోక్‌సభలో అది 55 మంది. టీవీలో కనిపించే చర్చ పార్లమెంటు పనిలో ఒక భాగం మాత్రమే. మిగతాది కమిటీ గదుల్లో జరుగుతుంది, అక్కడికి కెమెరాలు రావు.

మంత్రిత్వ శాఖలవారీ స్థాయీ సంఘాలు (స్టాండింగ్ కమిటీలు) 1993లో, పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా, పూర్తి స్థాయిలో వచ్చాయి. అప్పుడు 17, తర్వాత 2004లో 24 అయ్యాయి. ఒక్కో సంఘంలో 31 మంది ఉంటారు: లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. మంత్రులకు చోటు లేదు. శాఖ కార్యదర్శిని ఎదురుగా కూర్చోబెట్టి, పద్దుల్లో, అంటే ఆ శాఖ అడిగే ఖర్చుల లెక్కల్లో, ఒక్కో లైను మీద నిలదీయొచ్చు. అక్కడ విప్, అంటే ఇలాగే ఓటేయాలన్న పార్టీ ఆదేశం, ఉండదు, టీవీ కోసం మాట్లాడాల్సిన అవసరమూ ఉండదు. అందుకే సభలో ఒకరి మీద ఒకరు అరుచుకున్నవాళ్లే ఇక్కడ ఒకే నివేదిక మీద సంతకం పెట్టగలుగుతారు. ఈ వ్యవస్థ మీద నాకు చాలా గౌరవం.

నా బాధ కూడా దీని గురించే. 15వ లోక్‌సభ (2009–14) కాలంలో పది బిల్లుల్లో సుమారు ఏడు కమిటీల పరిశీలనకు వెళ్లాయి. 16వ లోక్‌సభకు (2014–19) వచ్చేసరికి అది నాలుగో వంతుకు పడిపోయింది. 17వ లోక్‌సభలో (2019–24) ఆరో వంతు దగ్గర ఆగింది. ఖాళీ కుర్చీల ఫొటో వైరల్ అవుతుంది కానీ ఈ లెక్క గురించి ఎవరూ మాట్లాడరు. నన్నడిగితే దేశానికి ఎక్కువ నష్టం చేసేది ఇదే.

అపోహ: బడ్జెట్‌ను సభ పూర్తిగా చర్చించి ఆమోదిస్తుంది.

కొన్ని శాఖల పద్దులే చర్చకు వస్తాయి. మిగతావన్నీ గడువు రోజున కలిపి ఒకేసారి ఓటింగ్‌కు పెడతారు. దీన్ని గిలెటిన్ అంటారు. 2018లో, 2023లో లోక్‌సభలో ఒక్క శాఖ పద్దు మీదా చర్చ లేకుండానే అన్నీ ఆమోదం పొందాయి.

అపోహ: మా ఎంపీ గట్టిగా నిలబడితే బిల్లుకు వ్యతిరేకంగా ఓటేయొచ్చు.

పార్టీ విప్ జారీ చేస్తే, దాన్ని కాదని ఓటేసినా, ఓటింగ్‌కు రాకపోయినా సభ్యత్వం పోవచ్చు. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో వచ్చిన నియమం ఇది. ప్రభుత్వాలను కూల్చే ఫిరాయింపులను ఆపాలన్నది దాని ఉద్దేశం. కానీ అది ప్రతి బిల్లుకూ వర్తిస్తుంది. నియోజకవర్గంలో రైతులు వద్దంటున్న బిల్లుకు కూడా ఆ ఎంపీ పార్టీ చెప్పినట్టే చేయి ఎత్తాలి. విశ్వాస, అవిశ్వాస తీర్మానాల వంటి వాటికే దీన్ని పరిమితం చేయమని ఎన్నికల సంస్కరణల మీద వేసిన దినేశ్ గోస్వామి కమిటీ 1990లోనే సిఫారసు చేసింది. ఆ మాట సరైందని నేను గట్టిగా నమ్ముతాను. ఓటు ముందే ఖాయమైపోతే, ఇక చర్చతో ఎవరిని ఒప్పించాలి?

అపోహ: మూజువాణి ఓటంటేనే (నోటితో అవును, కాదు అని చెప్పే ఓటు) మోసం.

2014 ఫిబ్రవరి 18న ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లు లోక్‌సభలో మూజువాణి ఓటుతో, ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయిన సమయంలో ఆమోదం పొందింది. దాంతో తెలుగువాళ్లలో ఈ అభిప్రాయం బలపడింది. విభజన మీద ఎవరి అభిప్రాయం వాళ్లది. పద్ధతి విషయానికొస్తే, సాధారణ బిల్లుల్లో ఎక్కువ భాగం మూజువాణి ఓటుతోనే గట్టెక్కుతాయి. రాష్ట్ర విభజన బిల్లుకు మామూలు మెజారిటీ చాలు. రాజ్యాంగ సవరణకైతేనే ప్రత్యేక మెజారిటీ కావాలి, ఓట్లు తప్పనిసరిగా లెక్కించాలి. అసలు లోపం వేరే ఉంది. మూజువాణి ఓటులో ఎవరు ఎటు ఓటేశారో రికార్డు మిగలదు. సభ్యుడు డివిజన్ (ఎవరు ఎటో నమోదయ్యే ఓటింగ్) అడిగినప్పుడు లెక్కిస్తేనే మీ ఎంపీని మీరు నిలదీయగలరు.

అపోహ: రాజ్యసభ అలంకారానికే.

ద్రవ్య బిల్లును, అంటే పన్నులు, ప్రభుత్వ ఖర్చుల వంటి వాటికే సంబంధించిన బిల్లును, రాజ్యసభ 14 రోజులకు మించి ఆపడానికి వీల్లేదు, నిజమే. మామూలు బిల్లుల్లో మాత్రం దాని ఆమోదం కూడా ఉండాల్సిందే. సభలు రెండూ ఏకీభవించకపోతే ఉమ్మడి సమావేశం పెట్టొచ్చు కానీ, 1961, 1978, 2002ల్లో మూడు బిల్లుల కోసమే ఆ అవసరం వచ్చింది. రాజ్యాంగ సవరణకు ఆ దారి కూడా లేదు. 2016లో ఆధార్ బిల్లును ద్రవ్య బిల్లుగా తెచ్చినప్పుడు అంత వివాదం అయింది కూడా, అలా తెస్తే రాజ్యసభ ఆమోదం అక్కర్లేకుండా పోతుంది కాబట్టే. 

అపోహ: నియోజకవర్గ అభివృద్ధి పనుల కోసం ఎంపీకి ఏటా 5 కోట్లు చేతికిస్తారు.

ఇవ్వరు. ఎంపీ పనులను సిఫారసు చేస్తారంతే. మంజూరు, ఖర్చు జిల్లా యంత్రాంగం చూసుకుంటుంది.

అపోహ: ప్రశ్నలు అడిగినా ఉపయోగం లేదు.

లోక్‌సభలో రోజుకు లాటరీలో 20 ప్రశ్నలు మౌఖిక సమాధానానికి, 230 దాకా లిఖితపూర్వక సమాధానానికి ఎంపికవుతాయి. ఒక జిల్లాలో ఆగిపోయిన రైల్వే లైను ఏ దశలో ఉందో, ఎంత ఖర్చయిందో అధికారికంగా బయటికి రావడానికి ఇది మంచి దారి. "సమాచారం సేకరిస్తున్నాం" అని మంత్రి తప్పించుకున్నా వదలరు. అది హామీ కింద లెక్కకొస్తుంది. హామీల కమిటీ దాన్ని నెరవేరేదాకా వెంటాడుతుంది.

ప్రశ్న అడగాలంటే సభ జరగాలి కదా. మొదటి లోక్‌సభ అయిదేళ్లలో 677 రోజులు కూర్చుంది. 17వ లోక్‌సభ అయిదేళ్లలో 274 రోజులు. సమావేశాల తేదీలు ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు దాటకూడదన్నదే రాజ్యాంగం పెట్టిన హద్దు.

అపోహ: చట్టం తయారీలో మామూలు మనిషికి చోటు లేదు.

బిల్లు కమిటీకి వెళ్తే, సూచనలు పంపమని చాలాసార్లు పత్రికల్లో ప్రకటన ఇస్తారు. గడువు తరచూ రెండు వారాలే ఉంటుంది. మామూలుగా ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ పంపమంటారు. తెలుగులోనూ తీసుకోవాలని నా కోరిక. ఈలోగా ఇంగ్లీషు రాయగలిగినవాళ్లు తమ ఊరి రైతు సంఘానికో డ్వాక్రా గ్రూపుకో ఒక పేజీ రాసిపెట్టండి. బిల్లులో ఏ సెక్షన్ మారాలో, ఎలా మారాలో సూటిగా చెబితే చాలు.