మరణ పత్రం లేని మరణాలు: జింబాబ్వే ‘గుకురాహుండి’ వెనుక కథ

జింబాబ్వేలో పడమటి వైపు త్షోలోత్షో, లుపానే, కేజీ ప్రాంతాల పల్లెల్లో నలభై దాటినా జనన ధ్రువీకరణ పత్రం లేనివాళ్లు చాలామంది ఉన్నారు. అది కావాలంటే తల్లిదండ్రుల కాగితాలు చూపించాలి. తండ్రి లేడంటే ఆయన మరణ పత్రం తెమ్మంటారు. అందులో ఎప్పుడు పోయాడో, ఎలా పోయాడో రాయాలి. ‘1983లో ప్రభుత్వ సైనికులు కాల్చి చంపారు’ అని రాసి సంతకం పెట్టే గుమస్తా ఎక్కడ దొరుకుతాడు? అలా తండ్రికి చావు కాగితం లేదు, కొడుక్కి పుట్టుక కాగితం లేదు. అది లేనిదే గుర్తింపు కార్డు రాదు. కార్డు లేనిదే ఓటు లేదు, బ్యాంకు ఖాతా లేదు. రేపు వాళ్ల పిల్లల్ని బడిలో చేర్చేటప్పుడు మళ్లీ అదే కౌంటర్, అదే ప్రశ్న.

1980 నుంచి 2017 దాకా జింబాబ్వేను ఏలిన రాబర్ట్ ముగాబే గురించి బయటి ప్రపంచంలో ఒక కథ బాగా చెలామణిలో ఉంది. మొదటి ఇరవై ఏళ్లు మంచి పాలకుడనీ, 2000లో తెల్లవాళ్ల పొలాల జోలికి వెళ్లాకే నియంతగా మారాడనీ. నాకు ఈ కథ మీద కోపం. పడమటి వైపు మటబెలేలాండ్‌లో ‘గుకురాహుండి’ పేరుతో సైన్యం చంపినవాళ్లను లెక్కలోకి తీసుకోకపోతేనే అలా చెప్పడం కుదురుతుంది. ఆ పాలన ఎలాంటిదో 1983లోనే తేలిపోయింది. ఇంకా వెనక్కి వెళితే, ఆ పాలన వాడిన చట్టాలు తెల్లదొరల కాలంలోనే తయారై ఉన్నాయి.

అప్పట్లో దేశం పేరు రొడీషియా. 1965 నవంబర్ 11న ఇయాన్ స్మిత్ తెల్లజాతి ప్రభుత్వం బ్రిటన్‌ను కాదని తనకు తానే స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. నల్లవాళ్లను అణచడానికి 1960 నాటి శాంతిభద్రతల చట్టం అప్పటికే ఉంది, దానిపైన ఎమర్జెన్సీ. 1975లో ఇంకో చట్టం కూడా చేశారు: తిరుగుబాటును అణిచేటప్పుడు ‘సదుద్దేశంతో’ ఏం చేసినా సైనికుల మీద, అధికారుల మీద కేసు ఉండదు.

ఈ ప్రభుత్వంతో పోరాడినవాళ్లు ఒక్కటిగా లేరు. జాషువా ఎన్‌కోమో నాయకత్వంలోని జాపు పార్టీ 1963లో చీలి, జాను పుట్టింది. చీలికకు అసలు కారణం ఎన్‌కోమో నాయకత్వం మీద, పోరాట పద్ధతి మీద వచ్చిన తగాదా. రెండు పార్టీల్లోనూ షోనా భాషవాళ్లు ఉన్నారు, ఎన్‌డెబెలే భాషవాళ్లు ఉన్నారు. అయితే జాపు గెరిల్లాలకు సోవియట్ సాయం, జాను గెరిల్లాలకు చైనా సాయం; జాపు దళాలు జాంబియా వైపు నుంచి, జాను దళాలు మొజాంబిక్ వైపు నుంచి దిగేవి. ఎవరు ఏ వైపు నుంచి వస్తే ఆ వైపు పల్లెల కుర్రాళ్లే వాళ్లలో చేరారు. ఏళ్లు గడిచేకొద్దీ పడమటి ఎన్‌డెబెలే ప్రాంతం జాపుదనీ, మిగతా షోనా ప్రాంతం జానుదనీ స్థిరపడిపోయింది.

1979లో లండన్‌లోని లాంకాస్టర్ హౌస్‌లో ఒప్పందం కుదిరింది. 1980 ఎన్నికల్లో నల్లవాళ్లకు కేటాయించిన 80 సీట్లలో ముగాబే నడిపే జాను పార్టీకి 57, ఎన్‌కోమో జాపు పార్టీకి 20 వచ్చాయి. ముగాబే ప్రధాని అయ్యాడు. ఏప్రిల్ 18న కొత్త జెండా ఎగిరింది. ముగాబే పగలు మరిచిపోదామన్నాడు, ఎన్‌కోమోకు మంత్రి పదవి ఇచ్చాడు, స్మిత్‌ను కూడా వదిలేశాడు. ప్రపంచం చప్పట్లు కొట్టింది. కానీ ఎమర్జెన్సీని మాత్రం ఎత్తేయలేదు. ఆరు నెలలకోసారి పార్లమెంటులో పొడిగిస్తూ 1990 దాకా లాక్కొచ్చారు. సైనికుల మీద, అధికారుల మీద కేసులు లేకుండా స్మిత్ చేసిన 1975 చట్టం కూడా ఊరికే పోలేదు. 1980లో ఒక తెల్ల రైతు హత్య కేసులో దొరికిన కొత్త ప్రభుత్వ మంత్రి ఎడ్గర్ టెకెరే దాన్ని చూపించే కోర్టులో బయటపడ్డాడు. తమను అణచడానికి పుట్టిన చట్టం ఎంత పనికొస్తుందో కొత్త పాలకులకు ఆ కేసుతో అర్థమైంది.

రెండు గెరిల్లా సైన్యాలనూ పాత రొడీషియా సైన్యంతో కలిపి ఒకే జాతీయ సైన్యం చేసే పని ఆది నుంచే బెడిసింది. పడమటి ప్రాంతపు పెద్ద నగరం బులవాయో శివారు ఎన్‌టుంబానేలో 1980 నవంబర్‌లో, మళ్లీ 1981 ఫిబ్రవరిలో రెండు వర్గాలూ కాల్చుకున్నాయి, వందల మంది చనిపోయారు. 1982 ఫిబ్రవరిలో జాపు పార్టీకి చెందిన పొలాల్లో ఆయుధాల నిల్వలు దొరికాయని ప్రభుత్వం ప్రకటించింది. నిజానికి రెండు పక్షాలూ ఆయుధాలు దాచుకున్నవే. ఎన్‌కోమోను మంత్రివర్గం నుంచి తీసేశారు, పార్టీ ఆస్తులు లాక్కున్నారు. జాపు సేనానులు డుమిసో డబెంగ్వా, లుకౌట్ మసుకులను దేశద్రోహం కేసులో పట్టుకున్నారు. 1983లో కోర్టు ఇద్దరినీ నిర్దోషులని విడిచిపెడితే, ఎమర్జెన్సీ అధికారాలతో వెంటనే మళ్లీ లోపల వేశారు. మసుకు 1986లో కన్నుమూశాడు.

సైన్యంలో బతకలేమని భయపడ్డ జాపు గెరిల్లాలు కొందరు తుపాకులతో అడవి పట్టారు. వీళ్లు పొలాల మీద పడ్డారు, మనుషుల్ని చంపారు. ఇది దాచాల్సిన విషయం కాదు. పక్కనున్న దక్షిణాఫ్రికా జాతివివక్ష ప్రభుత్వం కూడా వీళ్లలో ఒక ముఠాకు ఆయుధాలిచ్చి ఎగదోసింది. అయితే ఈ తిరుగుబాటుదారులు ఏ సమయంలోనూ నాలుగు వందలకు మించి లేరు. 1988లో క్షమాభిక్ష ప్రకటిస్తే లొంగిపోయినవాళ్లు 122 మంది. వీళ్ల కోసమని ఒక బ్రిగేడ్ మొత్తాన్ని పల్లెల మీదికి వదిలారు.

ఆ బ్రిగేడ్‌కు ఉత్తర కొరియాతో ముడి ఉంది. తిరుగుబాటు మొదలవక ముందే, 1980 అక్టోబర్‌లోనే, ముగాబే కిమ్ ఇల్ సుంగ్‌తో ఒప్పందం చేసుకున్నాడు. 106 మంది కొరియా శిక్షకులు వచ్చారు. ఐదో బ్రిగేడ్ తయారైంది. ఎర్ర టోపీలు వేరు, రేడియో సెట్లు వేరు. మామూలు సైనిక వరుసలో లేకుండా నేరుగా ప్రధాని కిందే పనిచేసేది. కమాండర్ పెరెన్స్ షిరి. దానికి ముగాబే ఇచ్చిన పేరే గుకురాహుండి. షోనా భాషలో, అసలు వానలకు ముందు వచ్చి పొట్టును కడిగేసే తొలివాన అని అర్థం. పల్లెల్లో జనం ఎదురుచూసే వానకు ఉన్న పేరును ఆ పనికి వాడారు.

1983 జనవరిలో వాళ్లు ఉత్తర మటబెలేలాండ్‌లో దిగారు. పద్ధతి దాదాపు ప్రతి ఊళ్లోనూ ఒకటే. ఊరంతటినీ బడి దగ్గరికో బావి దగ్గరికో తోలుకొచ్చి కొట్టడం, కొందరిని పక్కకు తీసి అందరి ముందే కాల్చడం, తర్వాత మిగిలినవాళ్ల చేత ఆ శవాల్ని పూడ్చిన గోతుల మీదే షోనాలో జాను పార్టీ పాటలు పాడించడం, ఆడించడం. తమది కాని భాషలో, తమవాళ్లను చంపిన పార్టీని పొగుడుతూ పాడాలి. ఏడిస్తే దెబ్బలు. మార్చి 5న లుపానే దగ్గర చెవాలే ఏటి ఒడ్డున 62 మంది యువతీ యువకుల్ని కాల్చారు. ఏడుగురు గాయాలతో బతికారు. ఎన్‌కోమో ఆ నెలలోనే సరిహద్దు దాటి బోట్స్వానాకు, అక్కడి నుంచి లండన్‌కు వెళ్లిపోయాడు.

1984లో దక్షిణ మటబెలేలాండ్ వంతు. అప్పటికి మూడేళ్లుగా కరువు. జనం చేతిలో గింజ లేదు, దుకాణాల్లో దొరికే మొక్కజొన్న పిండే ఆధారం. ఆ పిండితో మన సంకటిలా ఇసిత్ష్వాలా వండుకుంటారు. ఫిబ్రవరిలో కర్ఫ్యూ పెట్టి దుకాణాలు మూయించారు, కరువు సాయం లారీలు ఆపేశారు. సుమారు నాలుగు లక్షల మంది ఉన్న ప్రాంతం అది. ఇంట్లో ఉన్న పిడికెడు పిండిని పొరుగింటికి పంచినా శిక్షే. కేజీ దగ్గరి భలాగ్వే శిబిరానికి లారీల్లో మనుషుల్ని తరలించి హింసించారు. చనిపోయినవాళ్లను మూతపడిన యాంటెలోప్ గని గుంతలో పారేశారు. కడుపు మాడ్చడాన్ని కూడా ఆయుధంగా వాడిన ఈ 1984 నాకు కాల్పులకంటే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

మొత్తం ఎంతమంది? ఎక్కువగా చెప్పే అంచనా 20,000. కాథలిక్ న్యాయ, శాంతి సంఘం, ఒక న్యాయసహాయ సంస్థ కలిసి సాక్ష్యాలు సేకరించి 1997లో నివేదిక తెచ్చాయి. ఈ హత్యల మీద ప్రభుత్వం 1983లో వేసిన చిహంబక్వే కమిషన్ నివేదిక మాత్రం నేటికీ బయటికి రాలేదు.

బయటి ప్రపంచానికి తెలియక కాదు. 1984లో ఎడిన్‌బరా విశ్వవిద్యాలయం ముగాబేకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1994లో బ్రిటన్ రాణి బిరుదు ఇచ్చింది. మన దేశమూ ఇందుకు వేరు కాదు. చెవాలే ఏటి ఒడ్డున కాల్పులు జరిగిన వారంలోనే ఢిల్లీలో అలీన దేశాల సభ మొదలైంది. మూడేళ్ల తర్వాత, 1986లో, హరారే సభలో రాజీవ్ గాంధీ నుంచి ముగాబే ఆ ఉద్యమ అధ్యక్ష పదవి అందుకున్నాడు. జాతివివక్ష దక్షిణాఫ్రికాకు ఎదురు నిలబడ్డవాడు గనుక అతని ఇంటి సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఇంత జరిగినా 1985 ఎన్నికల్లో మటబెలేలాండ్‌లోని 15 సీట్లూ జాపుకే వేశారు ఆ జనం. కానీ తమవాళ్లు ఇంకా చావకూడదని ఎన్‌కోమో దిగొచ్చాడు. 1987 డిసెంబర్ 22న ఐక్యతా ఒప్పందం మీద సంతకం చేశాడు, జాపు పార్టీ ముగాబే పార్టీలో కలిసిపోయింది. ఆ నెలాఖరుకే ముగాబే సర్వాధికారాలున్న అధ్యక్షుడయ్యాడు. మరుసటేడు క్షమాభిక్ష తిరుగుబాటుదారులతోపాటు సైనికులకూ వర్తించింది. ఆ తర్వాత ఒక్కరి మీద కూడా కేసు నడవలేదు. షిరి వైమానిక దళాధిపతి అయ్యాడు, తర్వాత మంత్రి అయ్యాడు, 2020లో చనిపోయాడు.

2005లో పట్టణ పేదల ఇళ్లు కూల్చి ఏడు లక్షల మందికి గూడో కూడో లేకుండా చేసినప్పుడూ, 2008 అధ్యక్ష ఎన్నికల తొలి రౌండ్‌లో ముందున్న ప్రతిపక్ష నేత మోర్గాన్ స్వాంగిరాయ్ తన కార్యకర్తల ప్రాణాల కోసం పోటీ నుంచి తప్పుకున్నప్పుడూ లోకం ఆశ్చర్యపోయింది. బులవాయోలో పెద్దవాళ్లకు అందులో కొత్తేమీ కనపడలేదు.

ఎన్‌కోమో 1999లో చనిపోయాక ముగాబే ఆ కాలాన్ని ఒక పిచ్చి క్షణం అన్నాడు. క్షమాపణ చెప్పలేదు. 2017లో సైన్యం అతన్ని దించింది, 2019లో సింగపూర్‌లో కన్నుమూశాడు. కుర్చీ ఎక్కిన ఎమర్సన్ మ్నంగాగ్వా ఆ ఏళ్లలో రాజ్య భద్రతా మంత్రి. ఆ హత్యల్లో తన పాత్ర లేదంటాడు. 2024 జూలైలో బులవాయోలో ఆయనే ఊరూరా విచారణలు ప్రారంభించాడు. సంప్రదాయ పెద్దలైన చీఫ్‌లు వాటిని నడుపుతారు. ఆ చీఫ్‌లకు జీతాలిచ్చేది ప్రభుత్వమే.

భలాగ్వేలో చనిపోయినవాళ్ల జ్ఞాపకంగా స్థానిక కార్యకర్తలు పెట్టిన ఫలకాన్ని ఒకటికి రెండుసార్లు ధ్వంసం చేశారు. వాళ్లు మళ్లీ పెడుతున్నారు. త్షోలోత్షోలో మాత్రం జనం ఇంకా మరణ పత్రం కోసమే తిరుగుతున్నారు. ‘మరణ కారణం’ అనే గడిలో ఏం రాస్తారన్నది వాళ్లకు పరిహారంకంటే ముందు తేలాల్సిన సంగతి.