హైస్కూలు దాటనివారికి రెండో దారి ఎలా పడింది

నలభై ఏళ్ల మనిషి మళ్లీ చదువుకుందామని కళాశాలకు వెళ్తే, ఏం వచ్చో ఏం రాదో అడిగేవారు అరుదు. హైస్కూలు సర్టిఫికెట్టు ఉందా లేదా అన్నదే మొదటి ప్రశ్న. లేదంటే మాట అక్కడే తెగిపోతుంది, లేకపోతే ఇంకో పరీక్ష వైపో ఇంకో కోర్సు వైపో మళ్లుతుంది. ఇరవై ఏళ్లు యంత్రాలు బాగుచేసిన అనుభవం, దుకాణం లెక్కలు రాసిన అనుభవం, పదిహేడో ఏట అందుకోని ఒక కాగితం ముందు లెక్కలోకి రావు. ఈ ఏర్పాటు ఎప్పటినుంచో ఉన్నట్టే అందరం నడుచుకుంటాం గానీ, దీని వయసు రెండు శతాబ్దాల పైచిలుకు. దీన్ని దాటే దారుల వెతుకులాట కూడా దాదాపు అంతే పాతది.

జర్మన్ రాజ్యమైన ప్రష్యా ప్రభుత్వం 1788లో హైస్కూలు చివరి పరీక్ష అబిటూర్‌ను ప్రవేశపెట్టింది. మొదట్లో అది తప్పినవారు కూడా విశ్వవిద్యాలయంలో చేరగలిగేవారు. 1834లో ఆ వెసులుబాటు పోయింది. ఫ్రాన్స్‌లో నెపోలియన్ 1808లో అలాంటిదే బాకలోరియా పరీక్షను నెలకొల్పాడు. మరుసటి ఏడాది అందులో ఉత్తీర్ణులైనవారు 31 మంది. ఈ పరీక్షల వెనక దురుద్దేశం ఉందనలేం. వంశం, పలుకుబడి, సిఫారసు ఉత్తరం చూసి సీట్లు ఇచ్చే రోజుల్లో అందరికీ ఒకే పరీక్ష అనడం ముందడుగే. చిక్కల్లా ఆ పరీక్షకు తయారుచేసే బడులతో వచ్చింది. అవి కొద్దిమందికే అందేవి. దాంతో బడికి వెళ్లలేకపోయినవారిని చదువుకు పనికిరానివారి కింద జమకట్టడం అలవాటైంది.

ఆ అలవాటును తొలిసారి గట్టిగా కుదిపినవారిలో జూలీ విక్టోయిర్ దోబియే ఒకరు. 1824లో పుట్టిన ఈ ఫ్రెంచి మహిళ ధనవంతుల ఇళ్లలో పిల్లలకు చదువు చెబుతూ బతికారు. ఆడపిల్లలకు ప్రభుత్వ హైస్కూళ్లు లేని కాలమది. మతాచార్యుడైన అన్న దగ్గర లాటిన్ నేర్చుకుని, మిగతావి సొంతంగా చదువుకుని, బాకలోరియా రాస్తానని దరఖాస్తు పెట్టారు. ఆడవాళ్లు రాయకూడదని చట్టంలో ఎక్కడా లేదు. రాస్తారని ఎవరూ అనుకోలేదు, అంతే. పారిస్‌లో కాదన్నారు. లియాన్‌లో ఒప్పుకున్నారు. 1861లో, 37 ఏళ్ల వయసులో, ఆమె పాసయ్యారు. పట్టా మీద సంతకం పెట్టడానికి విద్యామంత్రి వెనకాడాడు. పదేళ్ల తరువాత ఆమె డిగ్రీ కూడా సాధించారు. ఫ్రాన్స్‌లో ఆడపిల్లలకు ప్రభుత్వ మాధ్యమిక విద్య కల్పించే చట్టం వచ్చింది 1880లో. అప్పటికి ఆమె చనిపోయి ఆరేళ్లయింది. అంటే బడి పుట్టకముందే ఆ బడి చివరి పరీక్ష నెగ్గిన మనిషి ఆమె. పరీక్ష వేరు, బడి వేరు అని ఇంతకంటే బాగా ఎవరూ నిరూపించలేదేమో. లండన్ విశ్వవిద్యాలయం కూడా అదే కాలంలో, 1858లో, ఏ కళాశాలలోనూ చేరకుండా సొంతంగా చదువుకున్నవారిని తన పరీక్షలకు అనుమతించింది. అయితే అక్కడా ముందు మెట్రిక్యులేషన్ నెగ్గాల్సిందే.

ఇంకో ఆలోచన దీనికి పూర్తిగా ఎదురుదిశలో నడిచింది. పరీక్షే వద్దు, చదువు చాలు అన్నది దాని సారం. జార్జ్ బర్క్‌బెక్ అనే వైద్యుడు 1800 నుంచి గ్లాస్గోలో పనివాళ్లకు విజ్ఞానశాస్త్ర ఉపన్యాసాలు ఇచ్చాడు. 1823లో లండన్‌లో మెకానిక్స్ ఇన్‌స్టిట్యూషన్ మొదలైంది. నేటి బర్క్‌బెక్ కళాశాలకు అదే మూలం. డెన్మార్క్‌లో గ్రుండ్‌విగ్ అనే మతాచార్యుడు పుస్తకాలను వల్లెవేయించే లాటిన్ బడులను తూర్పారబట్టి, రైతు కుటుంబాల యువతీయువకులు కలిసి ఉంటూ, మాట్లాడుకుంటూ నేర్చుకునే బడులు కావాలన్నాడు. ఆ ఆలోచనతో 1844లో రోడింగ్‌లో మొదటి జానపద ఉన్నత పాఠశాల వెలిసింది. అక్కడ ప్రవేశ పరీక్ష లేదు, చివరి పరీక్ష లేదు, పట్టా లేదు. ఇలాంటి బడులు నేటికీ నడుస్తున్నాయి. కానీ ఇక్కడ ఎంత నేర్చుకున్నా, బయట కాగితం అడిగేవాడి ముందు చేతులు ఖాళీయే.

అక్షరాలే రానివారి కథ ఇంకా వేరు. అమెరికాలోని కెంటకీ రాష్ట్రం, రోవన్ కౌంటీలో బడుల పర్యవేక్షకురాలు కోరా విల్సన్ స్టీవర్ట్ 1911 సెప్టెంబరులో పెద్దల కోసం రాత్రి బడులు తెరిచారు. కొండదారుల్లో నడిచి రావడానికి వెలుతురు కావాలి కాబట్టి వెన్నెల రాత్రులు ఎంచుకున్నారు. 150 మంది వస్తే గొప్పనుకున్నారు. 1,200 మంది వచ్చారు. వాళ్లలో పద్దెనిమిదేళ్ల వాళ్ల నుంచి ఎనభై ఆరేళ్ల వాళ్ల దాకా ఉన్నారు. పెద్దలకు చదువు మీద ఆసక్తి ఉండదని చెప్పేవాళ్లకు ఆ రాత్రి హాజరుపట్టీ ఒక్కటీ చూపిస్తే చాలు.

ఆసక్తి సరే, బుర్రకు ఎక్కుతుందా అన్నది ఇంకో అనుమానం. దీనికి పండితుల ఆమోదం కూడా ఉండేది. పాతికేళ్లు దాటాక మనిషి తన వృత్తికి బయట కొత్త ఆలోచనలు పెద్దగా సంపాదించుకోలేడని మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ 1890లో రాశాడు. ఆయన దగ్గరే చదువుకున్న ఎడ్వర్డ్ థార్న్‌డైక్ దీన్ని ప్రయోగాలతో పరీక్షించి, 1928లో ఫలితాలు ప్రచురించాడు. నేర్చుకునే శక్తి ఇరవైల తొలి ఏళ్ల నుంచి నలభై అయిదు దాకా ఏటా సుమారు ఒక శాతం చొప్పున మాత్రమే తగ్గుతుందని, ఆ వయసులోపు వారెవరూ వయసును సాకుగా చూపి చదువుకు దూరం కానక్కర్లేదని తేల్చాడు. వేగమూ శక్తీ ఒకటి కావని తరువాత వచ్చినవారు ఆ ఒక్క శాతాన్నీ ప్రశ్నించారు. గురువు వాక్యానికి శిష్యుడి లెక్క జవాబు చెప్పినా, జనం నోట ఇప్పటికీ గురువు మాటే వినిపిస్తుంది.

ఈ చరిత్రలో అన్నింటికంటే సాహసమైన ప్రయోగం సోవియట్ రష్యాది. 1918 ఆగస్టు 2న వచ్చిన ఉత్తర్వు ప్రకారం, పదహారేళ్లు నిండిన ఎవరైనా ఎలాంటి సర్టిఫికెట్టూ చూపకుండా ఏ ఉన్నత విద్యాసంస్థలోనైనా చేరవచ్చు. ఫీజులు కూడా రద్దు చేశారు. ఒక్క సంతకంతో అడ్డుగోడ కూలిపోయింది. జనం వెల్లువలా వచ్చారు. వచ్చి తరగతిలో కూర్చున్నాక అసలు సంగతి తెలిసింది. భిన్నాలు రాని కార్మికుడికి కలన గణితం ఉపన్యాసం చెబుతున్నారు. ఉపన్యాసకుడి భాషే అర్థం కాక చాలామంది తిరుగుముఖం పట్టారు.

అప్పుడు పుట్టినవే రాబ్‌ఫాక్‌లు, అంటే కార్మికుల సన్నాహక విభాగాలు. 1919లో మాస్కోలో మొదలై, మరుసటి ఏడాదికల్లా విశ్వవిద్యాలయాలకు అనుబంధంగా స్థిరపడ్డాయి. పగటి తరగతులైతే మూడేళ్లు, పని చేసుకుంటూ సాయంత్రం చదివితే నాలుగేళ్లు. హైస్కూలు పాఠాల్లో ఉన్నత చదువుకు కావలసినవి ఏరి, పెద్దలకు తగ్గట్టు చెప్పేవారు. 1930ల తొలినాళ్లకు వీటి సంఖ్య వెయ్యి దాటింది. గనుల ప్రాంతం నుంచి వచ్చిన నికిటా క్రుశ్చేవ్ కూడా ఇలాంటి విభాగంలో చదివినవాడే. ఇందులో అన్యాయమూ ఉంది. ఎవరు చేరాలన్నది పార్టీ, కార్మిక సంఘాల సిఫారసులు తేల్చేవి. పాత ధనిక కుటుంబాల పిల్లలను పుట్టుక చూసి పక్కన పెట్టారు. మాధ్యమిక బడులు పెరగడంతో 1940 నాటికి రాబ్‌ఫాక్‌లు దాదాపుగా మూతపడ్డాయి. అయినా వాటి గుణపాఠం మాత్రం నిలిచింది: ప్రవేశం ఇవ్వడం ఒక నిర్ణయం, నిలదొక్కుకునేలా చేయడం కొన్నేళ్ల పని. తరువాత వచ్చిన ప్రతి పథకం మంచిచెడ్డలను నేను ఈ గీటురాయి మీదే చూస్తాను. బెర్లిన్‌లో 1927లో మొదలైన సాయంత్రపు హైస్కూలు ఆ గుణపాఠంలో రెండో సగాన్ని, అంటే నిలదొక్కుకునేలా చేయడాన్ని, నమ్ముకుంది. ఉద్యోగం చేసుకునే పెద్దలు రాత్రిళ్లు ఏళ్ల తరబడి చదివి అసలు అబిటూర్‌నే రాసేవారు, దానికి సులభ ప్రతిని కాదు.

అమెరికా ఇంకో దారి పట్టింది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత చాలా బడులు, సైన్యంలో పనిచేశారన్న ఒక్క కారణంతో, చదవని పాఠాలకు కూడా మార్కులు వేసి సైనికులకు పట్టాలిచ్చాయి. తరువాత అది విమర్శల పాలైంది. రెండో యుద్ధం నాటికి ఆ పొరపాటు మళ్లీ జరగకూడదనుకున్నారు. 1942లో సైన్యం తరఫున, అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ సహకారంతో, రాల్ఫ్ టైలర్, ఇ. ఎఫ్. లిండ్‌క్విస్ట్ వంటి పరీక్షా నిపుణులు అయిదు పరీక్షల సమాహారం తయారుచేశారు. అదే జీఈడీ (జనరల్ ఎడ్యుకేషనల్ డెవలప్‌మెంట్), హైస్కూలు చదువుకు సమానార్హత పరీక్ష. చదివి అర్థం చేసుకోవడం, తర్కించడం మీద అది దృష్టి పెట్టింది. తేదీలు, సూత్రాలు గుర్తున్నాయా అన్నదాని మీద అంతగా పెట్టలేదు. బయట నేర్చుకున్నదానికి విలువ కట్టడానికి అది మంచి పద్ధతే. 1944లో మాజీ సైనికుల చట్టం వచ్చింది. దాని కింద సుమారు 22 లక్షల మంది కళాశాలల్లో చేరారు. 1947లో న్యూయార్క్ రాష్ట్రం ఈ పరీక్షను మామూలు పౌరులకూ తెరిచింది. తరువాతి దశాబ్దాల్లో మిగతా రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. సైనికుడి కోసం కుట్టిన చొక్కా అందరికీ తొడిగినట్టయింది.

కొలతల తేడా బయటపడడానికి అర్ధశతాబ్దం పట్టింది. ఆర్థికవేత్తలు స్టీఫెన్ కామెరాన్, జేమ్స్ హెక్‌మన్ 1993లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, జీఈడీ నెగ్గినవారి ఉద్యోగాలు, జీతాలు హైస్కూలు పూర్తిచేసినవారి స్థాయికి చేరలేదు. అసలు ఏ పట్టా లేక బడి మానేసినవారి స్థాయికి దగ్గరగానే ఉన్నాయి. తెలివిలో లోపం లేదని పరీక్షే చెబుతోంది. మరి తేడా ఎక్కడ? రోజూ హాజరు కావడం, మొదలుపెట్టింది ముగించడం వంటి గుణాలను పరీక్ష కొలవదని హెక్‌మన్ వాదించాడు. ఈ వాదనలో నిజం ఉంది గానీ, బడి మానేయడాన్ని గుణదోషంగా చూసే ధోరణి కూడా అందులో తొంగిచూస్తుంది. ఇంట్లో అన్నం పెట్టేవాడు పోతే పదహారేళ్లకే పనికి వెళ్లిన పిల్లవాడిలో పట్టుదల లేదని ఎలా అంటాం? పైగా అంచు మార్కులతో నెగ్గిన యువకుల్లో కొన్ని వర్గాలకు సంపాదన పెరిగిందని తరువాతి పరిశోధనలు చూపాయి. జీఈడీని విడిగా గమ్యంగా తీసుకుంటే దాని విలువ స్వల్పం. దాని మీదుగా కళాశాలకు వెళ్లి అక్కడ చదువు ముగిస్తే లెక్క మారుతుంది. కానీ చాలామంది మధ్యలోనే ఆగిపోతున్నారు.

బ్రిటన్‌లో లేబర్ పార్టీ నాయకుడు హెరాల్డ్ విల్సన్ 1963లో గాలిలో విశ్వవిద్యాలయం, అంటే ప్రసారాల ద్వారా చదువు చెప్పే విశ్వవిద్యాలయం, ఆలోచనను బయటపెట్టాడు. మంత్రి జెన్నీ లీ దాన్ని పట్టు వదలకుండా ముందుకు నడిపారు. అంతా అర్థంలేని వ్యవహారమని ప్రతిపక్ష నేతల్లో ఒకరైన ఇయాన్ మక్‌లౌడ్ ఈసడించాడు. 1969లో ఆ ఆలోచన ఓపెన్ యూనివర్సిటీగా రూపుదిద్దుకుని, రాణి అనుమతి పత్రం (రాయల్ చార్టర్) పొందింది. 1971 జనవరిలో సుమారు 24,000 మందితో చదువు మొదలైంది. ముందటి చదువు ఏదీ అడగలేదు. 1918 నాటి రష్యాతో పోలిస్తే ఇక్కడ కనిపించే తేడా ఏమిటంటే, తలుపు తీయడంతో పాటే పునాది కోర్సులు, పోస్టులో పాఠాలు, రేడియో టెలివిజన్ ప్రసారాలు, దగ్గర్లో ట్యూటరు, వేసవిలో వారం రోజుల వసతి బడి సిద్ధంగా ఉన్నాయి. అయినా తొలి బృందాల్లో పెద్ద వాటా అప్పటికే శిక్షణ పొందిన ఉపాధ్యాయులది. అందరికీ తెరిచిన తలుపులోంచి ముందుగా లోపలికి వచ్చేది చదువు అలవాటున్నవారే. ఈ నమూనా పాకిస్తాన్‌లో 1974లో, థాయ్‌లాండ్‌లో 1978లో, హైదరాబాదులో 1982లో వేళ్లూనింది. ఒక్కో చోట ఒక్కో మార్పుతో. హైదరాబాదులో ముందటి చదువు లేనివారికి అర్హత పరీక్ష పెట్టారు.

వయసునే అర్హతగా లెక్కించిన దేశాలూ ఉన్నాయి. స్పెయిన్ 1970 నాటి విద్యాచట్టంతో పాతికేళ్లు దాటినవారికి విశ్వవిద్యాలయ ప్రవేశానికి ప్రత్యేక పరీక్ష పెట్టింది. స్వీడన్ 1977 సంస్కరణలో పాతికేళ్ల వయసు, నాలుగేళ్ల పని అనుభవం ఉన్నవారికి ప్రవేశార్హత దారి తెరిచింది. పని చేసిన ఏళ్లను చదువు ఖాతాలో జమవేయడమన్న ఆలోచన నాకు వీటన్నింటిలోకీ నిజాయితీగా అనిపిస్తుంది. స్వీడన్‌లో 1968 నుంచే పురపాలక సంఘాల వయోజన విద్య నడుస్తుండటం వల్ల, వచ్చినవారికి వెనక ఒక ఆసరా కూడా ఉండేది.

ఇప్పటి పేచీ ఎక్కువగా డబ్బు చుట్టూ తిరుగుతోంది. అమెరికాలో హైస్కూలు పట్టా లేనివారు కూడా ఒక పరీక్ష నెగ్గితే కేంద్ర ప్రభుత్వ ఆర్థిక సాయం పొందేవారు. 2012 జూలై 1 నుంచి కొత్తగా చేరేవారికి ఆ వీలు పోయింది. ప్రవేశానికి నిషేధమేమీ లేదు, ఫీజుకు సాయం లేదు, అంతే. కమ్యూనిటీ కళాశాలల్లో సీటు దొరికినా చేరలేని పరిస్థితి. 2014 చివర్లో దాన్ని పాక్షికంగా పునరుద్ధరించారు: హైస్కూలు స్థాయి పాఠాలనూ ఒక వృత్తి శిక్షణనూ కలిపి చెప్పే కోర్సులో చేరినవారికే ఆ వీలు తిరిగి వచ్చింది. వాషింగ్టన్ రాష్ట్రం అప్పటికే ఇలాంటి తరగతులు నడుపుతోంది. ఒకే గదిలో ఇద్దరు ఉపాధ్యాయులు, ఒకరు వృత్తి చెబితే ఇంకొకరు అదే పాఠానికి కావలసిన లెక్కలు, భాష చెబుతారు. ఏ వృత్తితోనూ ముడిపడని చరిత్రో సాహిత్యమో చదవాలనుకున్న పెద్దలు మాత్రం ముందు జీఈడీ లాంటి సమానార్హత పరీక్ష నెగ్గాలి, లేదా ఫీజు సొంతంగా కట్టుకోవాలి.