రేవు మెట్ల మీద పులిహోరకు కొదవ లేదు: బిచ్చం, దానం, ఇల్లు లేని మనుషుల గురించి అపోహలు – వాస్తవాలు

కార్తీక సోమవారం పొద్దున్నే రాజమండ్రి కోటిలింగాల రేవుకి వెళ్తే, మెట్ల పక్కన వరసగా కూర్చున్నవాళ్ళ ముందు పులిహోర పొట్లాలు కుప్పలుగా కనిపిస్తాయి. ఒక్కొక్కరి దగ్గర ఆరు, ఏడు. అరటిపళ్ళు, చక్కెర పొంగలి, రవ్వలడ్డూలు వేరే. మధ్యాహ్నానికి ఆ పులిహోర పాచిపోతుంది, సగం కుక్కలకి పోతుంది. మర్నాడు మంగళవారం. రాత్రి తొమ్మిదింటికి అదే మెట్ల మీద అదే మనుషుల్లో కొందరు నీళ్ళు తాగి పడుకుంటారు.

నేను ఈ ఊళ్ళోనే ఇల్లు లేనివాళ్ళ కోసం నడిచే ఒక నైట్ షెల్టర్‌లో పని చేస్తున్నాను. 2015 పుష్కరాలు అయిన మరుసటి ఏడాది ఇందులోకి వచ్చాను. పెళ్ళికెళ్ళినా, బస్సెక్కినా, నా పనేమిటో తెలియగానే జనం అడిగేవి ఇంచుమించు ఒకేలా ఉంటాయి. అడిగేవాళ్ళెవరూ రాతి గుండెవాళ్ళు కారు. వేళకి గుమ్మంలోకి వచ్చిన మనిషిని అన్నం తినకుండా పంపడానికి గోదావరి జిల్లాల్లో ఎవరికీ మనసొప్పదు. పెట్టే చేతులు ఇన్ని ఉన్న చోట కూడా ఆ మంగళవారం రాత్రి ఎందుకొస్తోందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

అపోహ: అడుక్కునేవాళ్ళ దగ్గర మనకంటే ఎక్కువ డబ్బుంటుంది

ఫలానా ఊళ్ళో బిచ్చగాడు చనిపోతే మూటలో లక్షలు దొరికాయని అప్పుడప్పుడూ వార్తలొస్తాయి. అలాంటి మూట ఒకటి విప్పుతుంటే నేను పక్కనే ఉన్నాను. గుడి దగ్గర కూర్చునే ఒక మామ్మ పోయాక పంచనామాకి నేను సాక్షిని. చీర ముక్కలో ఇంకో చీర ముక్క, దాని లోపల పాల కవరు, కవరు నిండా రూపాయి, రెండు రూపాయల బిళ్ళలు. పది రూపాయల నోట్లు బీడీ కట్టల్లా చుట్టి దారంతో కట్టి ఉన్నాయి. అన్నిటికీ అడుగున పదకొండు పాత అయిదొందల నోట్లు. 2016 నవంబరు 8న రద్దయినవి. అవి చెల్లవని ఆమెకి తెలుసో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ డబ్బు దేనికో మాత్రం తెలుసు. "నేను పోతే దిక్కులేని శవం అనిపించుకోకూడదు బాబూ. నా డబ్బులతోనే తగలెయ్యి. పదోనాడు ఓ పదిమందికి అన్నం పెట్టు" అని రెండుసార్లు చెప్పింది. మూట పోలీసుల దగ్గరికి వెళ్ళింది. పదోనాటి భోజనాలు మేమే పెట్టాం.

బ్యాంకులో వేసుకోవాలంటే కార్డు కావాలి. దాచుకోవాలంటే తలుపున్న గది కావాలి. రెండూ లేనప్పుడు ఉన్నదంతా ఒంటికి కట్టుకుని పడుకోవాలి. నిద్రలో బ్లేడుతో మూట కోసుకుపోవడం రేవులో మామూలు. మన బీరువాలో ఎంతుందో ఎవరికీ తెలియదు. వాళ్ళది చచ్చిపోయిన రోజున నలుగురి ముందు లెక్కపెడతారు, పేపర్లో పడుతుంది.

అపోహ: ఒళ్ళు వంచి పని చెయ్యరు

2011 జనాభా లెక్కల్లో ఇల్లు లేనివాళ్ళని ఫిబ్రవరి 28 రాత్రి లెక్కపెట్టారు. దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది తేలారు. అవే లెక్కల్లో యాచకులు, దేశదిమ్మరులు అన్న వరసలో చేరినవాళ్ళు 4.13 లక్షలు. రోడ్డు మీద పడుకున్న మనిషి కనబడగానే బిచ్చగాడు అనేస్తాం గానీ, ఎక్కువమంది పగలంతా పని చేసి వచ్చి అక్కడ పడుకున్నవాళ్ళే.

మా షెల్టర్‌లో పడుకునేవాళ్ళలో హమాలీలున్నారు, అట్టపెట్టెలు ఏరుకునేవాళ్ళున్నారు, కాటరింగ్ కుర్రాళ్ళున్నారు. మొన్న మీ బంధువుల పెళ్ళిలో తెల్లచొక్కా వేసుకుని మీ విస్తట్లో పూతరేకు పెట్టిన కుర్రాడు రాత్రి ఎక్కడ పడుకున్నాడో ఆలోచించారా? ముహూర్తాలున్నన్నాళ్ళూ వాళ్ళకి లోటుండదు. మూఢం వచ్చిందంటే నెలల తరబడి పనుండదు. ఆషాఢంలో కొందరు గుడి ముందు కూర్చుంటారు, శ్రావణం రాగానే లేచి వెళ్ళిపోతారు. ఆ నెలలో చూసినవాళ్ళు "ఇంత కండున్నవాడు అడుక్కుంటున్నాడు చూడు" అనుకుంటూ పోతారు.

అపోహ: అన్నం పెడితే చాలు, అంతకంటే ఏం కావాలి?

దీని దగ్గర కాసేపు ఆగుతాను. మన జిల్లాల్లో అందరికంటే మంచివాళ్ళకి ఉన్న అపోహ ఇదే.

ఒక మామ్మ, డెబ్భై దాటి ఉంటుంది. సుగరు. కుడికాలి బొటనవేలు తీసేశారు. ఒక కార్తీక సోమవారం ఆమె ముందున్న పొట్లాలన్నీ కట్టినవి కట్టినట్టే ఉన్నాయి.

"ఏం మామ్మా, తినలేదేం?"

"తీపి తింటే కళ్ళు తిరుగుతున్నాయి బాబూ. పులిహోరలో మిరపకాయ నమలడానికి పళ్ళా లేవు. ఇంత మజ్జిగన్నం ఉందేమో చూడు."

ఆ పొద్దున ఆమెకి దణ్ణం పెట్టి మరీ పొట్లం చేతిలో పెట్టినవాళ్ళు ఎందరో. ఏం తింటావని అడిగినవాళ్ళు లేరు. మనం పెట్టేది మన మొక్కు ప్రకారం, మన తిథి ప్రకారం, మా నాన్నగారికి ఇష్టమైంది, మా అబ్బాయి పుట్టినరోజుకి చేసింది. వాళ్ళ ఆకలికి పంచాంగం లేదు. ఏకాదశికి ముందూ వెనకా వాళ్ళకి ఒకే ఆకలి. పైగా ఆ వరసలో కూర్చునేవాళ్ళలో సుగరు, బీపీ ఉన్నవాళ్ళు, పళ్ళు లేనివాళ్ళు చాలామంది. పెట్టేవాళ్ళకి ఆ సంగతి తెలియదు, వాళ్ళు నోరు విప్పి చెప్పరు. పెట్టింది వద్దంటే రేపు పెట్టరేమోనని భయం.

లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి పేరు తెలియని ఇల్లు కోనసీమలో ఉండదు. 1841 నుంచి 1909 దాకా బతికిన మనిషి. గోదావరి పాయ దాటొచ్చే బాటసారులకి వేళా పాళా లేకుండా వండి పెట్టారు. ఆవిడ ఎప్పటినుంచో అనుకుని అంతర్వేది యాత్రకి బయల్దేరారట. దారిలో ఒక పెళ్ళిబృందం ఎదురైంది. ఆకలికి ఏడుస్తున్న పిల్లల్ని పెద్దవాళ్ళు "కాసేపట్లో సీతమ్మ గారింటికి వెళ్ళిపోతాం, అన్నం తినొచ్చు" అని ఊరుకోబెడుతున్నారు. ఆ మాట చెవిన పడగానే ఆవిడ యాత్ర మానుకుని, వాళ్ళకంటే ముందే ఇంటికి చేరి పొయ్యి వెలిగించారని మావైపు చెప్పుకుంటారు. అన్నదానం అనగానే ఆవిడ బొమ్మకి దండ వేస్తాం. నాకు మాత్రం ఆవిడ పెట్టిన అన్నం కంటే ఆ వెనక్కి తిరగడమే పెద్దగా కనిపిస్తుంది.

అన్న క్యాంటీన్‌లో అయిదు రూపాయలకి భోజనం ఉంది కదా అంటారు. ఉంది, నడవగలిగినవాళ్ళకి చాలా మేలు. బొటనవేలు తీసేసిన మామ్మ అక్కడిదాకా వెళ్ళి వరసలో నిలబడలేదు, వచ్చేసరికి కూర్చునే చోటు పోతుంది.

అన్నం కాక ఏం కావాలో మా రిజిస్టర్ తిరగేస్తే కనబడుతుంది. బీపీ బిళ్ళలు అయిపోయాయి. చెప్పులు తెగిపోయాయి, పుండు మట్టి పట్టింది. ఆడవాళ్ళకి స్నానానికి చాటు లేదు. నెలసరి గుడ్డలు ఆరేసుకునే చోటు లేదు. దోమలు. ఒక్క దోమతెర ఇస్తే ఒక మనిషి నెలంతా నిద్రపోతాడు. చొక్కా, లుంగీ ఇచ్చేవాళ్ళు బోలెడుమంది, లోదుస్తులు ఇచ్చేవాళ్ళు ఇన్నేళ్ళలో ఇద్దరు కనిపించారు.

అపోహ: డబ్బులిస్తే తాగేస్తారు, ఇచ్చినవి అమ్ముకుంటారు

తాగేవాళ్ళున్నారు, దాచను. సిమెంటు నేల మీద ఏళ్ళ తరబడి పడుకుంటే ఒళ్ళంతా నొప్పులు. ఆ మందే లేకపోతే నిద్ర పట్టదనేవాళ్ళని రోజూ చూస్తాను. వాళ్ళకి చికిత్స కావాలి. అయితే అందరూ తాగుతారనుకుని కాలు లేని ముసలామె చేతిలో పది రూపాయలు పెట్టకపోవడం అన్యాయం. ఆ పది టీకి వెళ్తుంది, లేదా పబ్లిక్ లెట్రిన్‌కి వెళ్తుంది. గుడి దగ్గర కూర్చునే ఆడవాళ్ళకి రోజూ తప్పనిసరి ఖర్చు అదే.

అమ్ముకోవడం గురించి, నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. చేరిన మొదటి డిసెంబరులో ఒక తాత దుప్పట్లు అమ్ముతూ దొరికాడు. నలుగురి ముందు నిలబెట్టి కేకలేశాను. ఆయన తలొంచుకుని విన్నాడు. వారం తర్వాత వేరేవాళ్ళు చెబితే తెలిసింది. ఆ ఒక్క రాత్రే నాలుగు బృందాలు వచ్చి, నిద్రపోతున్న ఆయన మీద నాలుగు దుప్పట్లు కప్పి ఫొటోలు తీసుకుని వెళ్ళాయి. నాలుగు దుప్పట్లు మోసుకుంటూ పగలంతా ఎలా తిరుగుతాడు? మూడు అమ్మి ఆస్తమా బిళ్ళలు, జండూబామ్ సీసా కొనుక్కున్నాడు. తర్వాత వెళ్ళి తప్పయిపోయింది తాతా అన్నాను. "పర్లేదులే నాన్నా" అన్నాడు గానీ, మళ్ళీ మా షెల్టర్ గడప తొక్కలేదు.

అపోహ: పిల్లలు లేనివాళ్ళే రోడ్డున పడతారు

కొడుకులున్నవాళ్ళు, కూతుళ్ళున్నవాళ్ళు, ఒకప్పుడు రెండెకరాల కొబ్బరితోట ఉన్నవాళ్ళు కూడా మా దగ్గరికి వచ్చారు. పుష్కరాల రేవులో స్నానం చేయిద్దామని తీసుకొచ్చి, టీ తెస్తానని వెళ్ళి తిరిగి రాని కొడుకులున్నారు. మాట పడలేక తామే వచ్చేసినవాళ్ళూ ఉన్నారు.

2007లో వచ్చిన తల్లిదండ్రులు, వృద్ధుల సంరక్షణ చట్టం ప్రకారం ట్రిబ్యునల్‌కి అర్జీ పెట్టుకోవచ్చు. నెలకి పది వేల దాకా మనోవర్తి ఇప్పిస్తారు. చూసుకోవాలన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, చూడకపోతే రద్దు చేయించుకోవచ్చు. వకీలు అక్కర్లేదు. ఇదంతా చెప్తే చాలామంది ముసలివాళ్ళ జవాబు ఒకటే: "మావాడు మంచోడే బాబూ, వాడి మీద కేసేంటి?" ఒత్తిడి చెయ్యను. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 నంబరు కాగితం మీద రాసి జేబులో పెడతాను.

పింఛను వస్తుంది కదా అని కూడా అడుగుతారు. ఒకటో తారీఖున నాలుగు వేలు ఇంటి దగ్గరికి తెచ్చి ఇస్తారు. ఇల్లే లేని మనిషిని ఎక్కడ వెతుకుతారు? కొందరు ఆ ఒక్కరోజు ఊరెళ్ళి, పింఛను తీసుకుని, సగం మనవలకిచ్చి, చీకటి పడేలోగా రేవుకి వచ్చేస్తారు.

అపోహ: చిరునామా లేనివాళ్ళకి కార్డులు రావు

వస్తాయి. గుర్తింపు ఉన్న షెల్టర్ పెద్ద ఇచ్చే ధ్రువపత్రం ఆధార్‌కి చిరునామా రుజువుగా పనికొస్తుంది. ఓటుకైతే రుజువే అక్కర్లేదు. ఫారం 6లో పడుకునే చోటు రాస్తే, బూత్ అధికారి రాత్రిపూట వచ్చి ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడో లేదో చూసి రాసుకోవాలన్నది నిబంధన. ఆధార్ ఉంటే బ్యాంకు ఖాతా, ఖాతా ఉంటే క్షయ రోగికి మందులు వాడినన్నాళ్ళూ నెలనెలా ప్రభుత్వం ఇచ్చే వెయ్యి రూపాయలు. మీకు ఒక పూట ఖాళీ ఉంటే ఒక మనిషిని ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్ళి పక్కన కూర్చోండి. నూరు పులిహోర పొట్లాల కంటే అదే పెద్ద దానమని నా నమ్మకం.

అపోహ: తనలో తాను మాట్లాడుకునేవాడి దగ్గరికెళ్తే కొడతాడు

గోదావరి స్టేషన్ బయట ఒకాయన ఉండేవాడు. జుట్టు జడలు కట్టి, మడమ పుండులో పురుగులు. మూడు వారాలు రోజూ ఒక టీ తీసుకెళ్ళి రెండు గజాల దూరంలో పెట్టి వచ్చేవాణ్ణి. నాలుగో వారం టీ చేతికి అందుకున్నాడు. జుట్టు తీయించుకున్న రోజున ఒరియాలో ఏదో ఊరి పేరు చెప్పాడు. ఇన్నాళ్ళూ అతన్ని మూగవాడనుకున్నాం. మన భాషే అతనికి రాదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ప్రకారం ఇలా తిరిగే మనిషిని సంరక్షణలోకి తీసుకోవడం స్టేషన్ ఎస్సై బాధ్యత. 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించాలి, లాకప్‌లో పెట్టకూడదు. సలహాకి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చెయ్యొచ్చు.

చంటిపిల్లతోనో, బడి ఈడు పిల్లతోనో అడిగిస్తున్నట్టు కనిపిస్తే మాత్రం డబ్బులివ్వకండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి. పిల్లల చేత అడుక్కోబెట్టడం 2015 బాలల న్యాయ చట్టం కింద అయిదేళ్ళ దాకా జైలుశిక్ష ఉన్న నేరం. బిచ్చం వెనక మాఫియా ఉంటుందని జనం అనే మాట నిజమయ్యేది ఎక్కువగా ఇక్కడే. ఆ మాట పట్టుకుని గుడి ముందు ముసలివాళ్ళని అనుమానించకండి.

అపోహ: షెల్టర్ కట్టారు కదా, రానివాళ్ళది మొండితనం

మగవాళ్ళకొక హాలు, ఆడవాళ్ళకొక హాలు అయితే, నలభై ఏళ్ళు కలిసి బతికిన ముసలి దంపతులు ఎక్కడ పడుకోవాలి? మూట లోపలికి తేవద్దంటే మూట వదిలి ఎవరొస్తారు? కుక్కని వదల్లేక వానలో కూర్చున్న మనిషి నాకు తెలుసు.

అసలు కారణం భయం. ఒక పెద్ద ఉత్సవానికి ముందు, ఊరు శుభ్రం చెయ్యాలని, అర్ధరాత్రి వ్యాన్లలో ఎక్కించి కొందరిని దూరంగా హైవే పక్కన దింపేశారు. రెండు రోజులు నడిచి తిరిగొచ్చారు. కాళ్ళు బొబ్బలెక్కాయి. అప్పట్నుంచి ఆఫీసు బండి కనబడితే పరుగే. మన రాష్ట్రంలో 1977 నాటి యాచక నిరోధక చట్టం ఇంకా ఉంది. ఢిల్లీలో ఇలాంటి చట్టంలో అడుక్కోవడాన్ని నేరం చేసిన నిబంధనలని 2018లో అక్కడి హైకోర్టు కొట్టేసింది. 2021లో రోడ్ల మీద యాచకులు లేకుండా చెయ్యమని అడిగితే, గతిలేకే అడుక్కుంటారు, పైవర్గాల కళ్ళతో చూడలేమని సుప్రీంకోర్టు కాదంది. 2027లో మళ్ళీ పుష్కరాలు. రేవులో అప్పుడే అడుగుతున్నారు, "ఈసారి మమ్మల్ని ఎక్కడ దింపుతారు బాబూ?" అని.

మజ్జిగన్నం మామ్మ సంగతి. ఆ మాట నేను ఒక పెళ్ళిలో చెప్తే విన్న ఒక గృహిణి మర్నాడు రేవుకి వచ్చి, మామ్మ పక్కన మెట్టు మీద కూర్చుని, ఏం తింటావని అడిగింది. ఇప్పుడు మంగళవారం, గురువారం రాత్రి ఎనిమిదింటికి రెండు గిన్నెల క్యారేజీ తెస్తుంది. మెత్తటి అన్నం, పల్చటి మజ్జిగ, ఒక్కోసారి బీరకాయ కూర. పోయిన వారం ఒంట్లో బాగోలేక కొడుకుతో పంపింది. మూత మీద చీటీ అంటించి ఉంది: "మామ్మకి కాలు వాచిందన్నారు, ఉప్పు తగ్గించాను." మామ్మకి చదువు రాదు. నేను చదివి వినిపించాను. చీటీ ఇమ్మని చెయ్యి చాపి, మడిచి మూటలో పెట్టుకుంది.