డిసెంబరు ఏల్: నాలుకకు చేదు, ముక్కుకు పంపరపనస

బీరుకు చేదు, వాసన ఇచ్చే హాప్స్ పూలు దండిగా వేసిన చలికాలపు ఏల్‌ను (ఏల్ ఒక రకం బీరు) మొదటిసారి తాగినవాళ్లలో చాలామంది "అబ్బా, చేదు" అని ముఖం చిట్లించి గ్లాసు అవతలకు నెట్టేస్తారు. చేదు నిజమే. కానీ ఆ బీరులో చేదుతో పాటు ఇంకా చాలా ఉంది. కావాలంటే ముక్కు గట్టిగా మూసుకుని ఒక గుక్క తాగి చూడండి. నాలుకకు చేదు, కాస్త తీపి, గ్యాసు చురచుర మాత్రమే తెలుస్తాయి. మింగిన వెంటనే ముక్కు వదిలి ఊపిరి బయటికి విడవండి. పంపరపనస తొక్క వాసన గుప్పున వచ్చేస్తుంది. నోట్లోని ఆవిర్లు గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కడం వల్ల జరిగేది ఇది. మనం రుచి అనుకునే దాంట్లో పెద్ద భాగం ఈ వెనకదారిన వచ్చే వాసనే.

ట్యాంకు నుంచి నేరుగా గ్లాసులోకి వచ్చే బీరు హైదరాబాద్‌కు అంత పాతదేమీ కాదు. తెలంగాణ ప్రభుత్వం 2015లో మైక్రోబ్రూవరీలకు, అంటే అక్కడికక్కడే బీరు కాచి అమ్మేచోట్లకు, నిబంధనలు తెచ్చాకే జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు ఇవి వెలిశాయి. అలాంటి ఒకచోట డిసెంబరు చలిలో తాగిన ఏల్ నాకు బాగా గుర్తుండిపోయింది. ముదురు రాగి రంగు, మీగడ రంగు నురుగు. తాగుతున్నకొద్దీ ఆ నురుగు గ్లాసు గోడలకు వలయాలుగా అంటుకుంటూ దిగింది. బార్లీ ప్రొటీన్లు, హాప్స్ చేదు ఆమ్లాలు కలిసి బుడగల చుట్టూ గట్టి పొర కడితేనే నురుగు అలా పట్టుకుని ఉంటుంది. మొదట పంపరపనస, దేవదారు చెక్క వాసన తగిలాయి. తర్వాత బాగా ఎర్రబడిన చక్కెర పాకం తీపి. ఆ తీపి పోకముందే చేదు మెల్లగా లేచి, మింగాక కూడా నాలుక వెనక చాలాసేపు నిలిచింది. చివర గొంతులో కాస్త వెచ్చదనం.

హాప్స్ ఒక తీగ. గంజాయి మొక్క కుటుంబంలోదే, కానీ గంజాయి మత్తు దీనికి లేదు. ఆడ తీగకు వచ్చే ఆకుపచ్చని పూగుత్తులను కోసి ఆరబెడతారు. ఒక గుత్తిని చీల్చి చూస్తే రేకుల మొదట్లో పసుపు రంగులో జిగటగా ఉండే పొడి కనిపిస్తుంది. దాన్ని లూపులిన్ అంటారు. చేదు, సువాసన రెండూ ప్రధానంగా అందులోనివే. జర్మనీలోని హాలర్‌టావ్, అమెరికాలోని యాకిమా లోయ ఈ పంటకు పేరున్న ప్రాంతాలు. మన దేశంలో హిమాచల్‌ప్రదేశ్‌లోని లాహౌల్ లోయ రైతులూ పండించారు. ఈ తీగ ఏపుగా ఎదగడానికి వేసవిలో చాలా పొడవైన పగళ్లు కావాలి. హైదరాబాద్‌లో ఏడాది మొత్తంలో అతి పొడవైన పగలు 13 గంటలు దాటి కొద్ది నిమిషాలే. అందుకే ఇక్కడి బ్రూవరీలకు హాప్స్ బయటి నుంచే రావాలి, ఎక్కువగా పొడిని నొక్కి చేసిన చిన్న గుళికల (పెల్లెట్ల) రూపంలో.

ఇక చేదు సంగతి. లూపులిన్‌లోని ఆల్ఫా ఆమ్లాలు నీటిలో సరిగా కరగవు, చేదూ పెద్దగా ఇవ్వవు. మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) నుంచి తీసిన తీపి ద్రవాన్ని వోర్ట్ అంటారు. అందులో హాప్స్ వేసి గంట, గంటన్నర మరిగిస్తే ఆ వేడికి ఆల్ఫా ఆమ్లం అణువు అమరిక మారుతుంది. పరమాణువులన్నీ అవే, ఒక్కటీ పెరగదు, తరగదు, అయినా పదార్థం వేరైపోతుంది. ఇలా పుట్టిన ఐసో-ఆల్ఫా ఆమ్లాలు చక్కగా కరుగుతాయి, నాలుక పట్టేంత చేదుగా ఉంటాయి. వేసిన ఆల్ఫా ఆమ్లాల్లో మూడో వంతు ఇలా చేదుగా మారి బీరులోకి దిగితే గొప్పే. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది కాబట్టి ఇక్కడ నీరు సుమారు 98 డిగ్రీలకే మరుగుతుంది, ఈ మార్పు కొంచెం నెమ్మదిస్తుంది. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో కుదిరిన కొలతలను, సమయాలను ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ వాడితే చేదు ఓ పిసరు తగ్గుతుంది. ఈ ఆమ్లాలు చేదుతో సరిపెట్టవు. బీరును పులిపించి పాడుచేసే లాక్టోబాసిల్లస్ లాంటి చాలా బ్యాక్టీరియాను అడ్డుకుంటాయి కూడా. శీతల గిడ్డంగులు లేని రోజుల్లో బీరులో హాప్స్ స్థిరపడిపోవడానికి ఇదొక బలమైన కారణం. 1516 నాటి బవేరియా చట్టం బీరులో బార్లీ, నీరు, హాప్స్ తప్ప ఇంకేమీ ఉండకూడదంది.

చేదు పుట్టించే ఆ మరుగే సువాసనను పోగొడుతుంది. వాసన నూనెలు ఆవిరై ఎగిరిపోతాయి. పప్పుచారులో కొత్తిమీర దించేముందు వేస్తాం కదా, బ్రూవర్ (బీరు కాచేవాడు) చేసేదీ అదే. చేదు కోసం కొన్ని హాప్స్‌ను మరుగు మొదట్లో వేస్తాడు, వాసన కోసం కొన్నింటిని చివర్లో. ఇంకొన్నింటిని పులియబెట్టే ట్యాంకులోకి వేడి లేకుండానే వదులుతాడు. దీన్నే డ్రై హాపింగ్ అంటారు. ఒకే పెల్లెట్, వేసిన సమయాన్ని బట్టి నాలుకకైనా చెందుతుంది, ముక్కుకైనా చెందుతుంది. బీరు తయారీ మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇది.

ఆ వాసనలు మనకు కొత్తవీ కావు. హాప్స్ నూనెలో ఎక్కువగా ఉండే మిర్సీన్ మామిడిలోనూ ఉంది. లినలూల్ ధనియాలకు ఆ వాసననిచ్చే ముఖ్య పదార్థం. కారియోఫిల్లీన్ మిరియాల్లో, కరివేపాకులో ఉంటుంది. జెరానియోల్ గులాబీలో దొరుకుతుంది. గంధకం ఉన్న థయాల్స్ అనేవి లీటరులో కొన్ని నానోగ్రాములున్నా చాలు, ముక్కు పసిగట్టేస్తుంది. అమెరికాలోని ఆరెగాన్ నుంచి 1972లో విడుదలైన కాస్కేడ్ అనే హాప్స్ రకం పంపరపనస లాంటి నిమ్మజాతి వాసనతోనే పేరు తెచ్చుకుంది. రుచి చూడటం నేర్చుకోవాలనుకునేవాళ్లకు నా సలహా ఒకటే. సీసా లేబుళ్ల మీది వర్ణనలు పక్కన పెట్టి, ముందు ఇంట్లోని పోపుల పెట్టె తెరిచి ఒక్కో దినుసునూ నలిపి వాసన చూడండి.

చలికాలానికీ హాప్స్‌కూ సంబంధం పంటకాలంలో ఉంది. ఉత్తరార్ధగోళంలో కోత ఆగస్టు, సెప్టెంబరుల్లో జరుగుతుంది. ఆరబెట్టిన కొత్త పంటతో వెంటనే కాచిన ఏల్ నవంబరు, డిసెంబరుకు సిద్ధమవుతుంది. కాలిఫోర్నియాకు చెందిన సియెర్రా నెవాడా 1981 నుంచి సెలబ్రేషన్ అనే ఏల్‌ను ఈ పద్ధతిలోనే చేస్తోంది. దాని చేదు 65 ఐబీయూ. ఒక ఐబీయూ అంటే దాదాపు లీటరుకు ఒక మిల్లీగ్రాము ఐసో-ఆల్ఫా ఆమ్లం. మామూలు లాగర్‌లలో (మన దగ్గర ఎక్కువగా దొరికే తేలికపాటి బీర్లలో) ఇది తరచూ 20 లోపే. అంకె చూసి భయపడనక్కర్లేదు. చలికాలపు ఏల్‌లో ఎర్రగా వేయించిన మాల్టు తీపి ఎక్కువ, ఆ తీపి చేదును బాగా కప్పుతుంది.

గొంతులో వెచ్చదనం మద్యం పని. మిరపకాయ కారాన్ని, వేడిని పసిగట్టే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం మామూలుగా 42 డిగ్రీల దగ్గర మేల్కొంటుంది. మద్యం తగిలితే అది సుమారు 34 డిగ్రీలకే మేల్కొంటుంది, అంటే మన ఒంటి వేడే దానికి మంటలా తోస్తుంది. మిర్చి బజ్జీతో ఈ ఏల్ తాగితే కారం ఇంకా మండటానికి కారణం ఇదే. వేయించిన పల్లీలు దీనికి చాలా మేలైన జోడీ. ఆ వెచ్చదనం ఒంటికి వేడి చేరడం మాత్రం కాదు. చర్మంలోని రక్తనాళాలు వెడల్పై లోపలి వేడి బయటికి పోతుంది.

మన దగ్గర బీరంటే మంచులా ఉండాలన్న పట్టుదల ఉంది. ఈ ఏల్‌కు అది అన్యాయం. 4 డిగ్రీల దగ్గర వాసన అణువులు అంతగా పైకి లేవవు, తీపి కూడా నాలుకకు సరిగా అందదు, చేదు మాత్రం ముందుకొస్తుంది. గ్లాసును కాసేపు బల్ల మీద వదిలి 10, 12 డిగ్రీలకు రానివ్వండి. రూఫ్‌టాప్‌లో ఎండ పడే చోట మాత్రం పెట్టకండి. ఐసో-ఆల్ఫా ఆమ్లాలు వెలుతురుకు విరిగి, కొద్ది నిమిషాల్లోనే కంపు కొట్టే గంధక పదార్థం పుడుతుంది. సీసాలకు ముదురు గోధుమ రంగు వాడేది అందుకే. నిలవ ఉంటే ముందుగా తగ్గేది హాప్స్ సువాసనే, అది కొన్ని వారాల్లోనే మొదలవుతుంది. కాబట్టి ఆర్డరిచ్చే ముందు బ్రూవర్‌ను రెండు విషయాలు అడగండి: హాప్స్ ఏ ఏడాది కోత, ఈ ట్యాంకు తెరిచి ఎన్నాళ్లయింది. ఈ ప్రశ్నలు విని సంతోషంగా ట్యాంకు దగ్గరికి తీసుకెళ్లి చూపించేవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు.